దురదగొండికి నాలుగో స్థానం

హెస్టర్ వంటగది గోడకు ఒక సర్టిఫికెట్ వేలాడుతూ ఉంటుంది. వెల్ష్ భాష నేర్చుకునేవాళ్లకు పెట్టే పరీక్షల్లో అన్నిటికన్నా పెద్దది, అదీ మంచి మార్కులతో, ఆవిడ నెగ్గిందని అందులో రాసి ఉంది. ఆ కాగితం కోసం తొమ్మిదేళ్లు తల బద్దలు కొట్టుకుంది. తీరా చేతికొచ్చాక, కుమ్ హెస్గిన్ ఊరు మొత్తం మీద దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు.

పట్టించుకోకపోతే పోనీ, మెచ్చుకుంటారు. అదే ఒళ్లు మండే సంగతి. హెస్టర్ ఆ ఊరున్న లోయలో పోస్టు వ్యాను నడుపుతుంది. రోజూ నలభై గడపలు తొక్కుతుంది, ప్రతి గడపలోనూ వెల్ష్‌లోనే మొదలుపెడుతుంది. "మీ గేటు గొళ్లెం ఊడిందండీ, కుక్క రోడ్డెక్కేస్తోంది" అంటుంది. అవతలివాళ్ల మొహం చాటంత అవుతుంది. "అబ్బ, మీ వెల్ష్ ఎంత బాగుందో!" అంటారు, ఇంగ్లీషులో. గొళ్లెం మాట గాల్లో కలిసిపోతుంది. కుక్క రోడ్డెక్కుతూనే ఉంటుంది. రొట్టెలు అమ్మే ఆయనతో నీ వెల్ష్ బాగుందయ్యా అని ఆ ఊళ్లో ఎవరైనా ఎప్పుడైనా అన్నారా?

వాళ్ల మనసులో కల్మషం ఏమీ లేదు. ఆ లోయ మనుషుల అలవాటే అంత. ఎవరితో మొదటి పలకరింపు ఏ భాషలో జరిగితే, చచ్చేదాకా ఆ మనిషితో ఆ భాషే. మార్చబోతే నాలుక తిరగదు, సిగ్గు ముంచుకొస్తుంది. హెస్టర్ ఇంగ్లీషువాళ్ల ఊరు స్టోక్ నుంచి సామాన్లతో దిగిన రోజున ఆవిడకు వెల్ష్ ముక్క రాదు. ఊరంతా మర్యాదగా ఇంగ్లీషులో పలకరించింది. ఆ మర్యాదను తొమ్మిదేళ్లుగా అనుభవిస్తోంది పాపం.

ఇందులో అందరికన్నా ఘనురాలు మెన్నా. అరవై ఎనిమిదేళ్ల మనిషి. ప్రార్థనా మందిరం పక్క హాలు తాళంచెవులు ఆవిడ నడుముకే ఉంటాయి. ఊరి పోటీలకు కార్యదర్శి ఆవిడే, హాల్లో ఏ సభ జరిగినా టీ కాచేదీ ఆవిడే. పక్కింటామెతో వెల్ష్‌లో గలగలా మాట్లాడుతూ ఉంటుంది, దూరంగా ఎర్ర వ్యాను కనబడగానే సగం మాటలో ఇంగ్లీషుకు మారిపోతుంది. హెస్టర్‌ను "బంగారం" అని పిలుస్తుంది. ఆ పిలుపు వింటే హెస్టర్‌కు ఏదైనా కొరకాలనిపిస్తుంది.

మార్చిలో ఊరి ఐస్టెద్వొడ్ వచ్చింది. పాటలు, పద్యాలు, పిల్లల అభినయాలు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పోటీలే పోటీలు. అందులో జనం కాచుకుని కూర్చునేది అయిదు పాదాల వెక్కిరింపు పద్యాల కోసం. ఊళ్లో ఎవరో ఒకరి పరువు తీయనిదే ఆ పోటీలో బహుమతి రాదు. కిందటేడు పశువుల డాక్టరు ఒక పద్యంలో చిక్కి, జూన్ దాకా సగం ఊరితో మాట్లాడలేదు. రాసేవాళ్లు కాగితం మీద మారుపేరు మాత్రమే వేయాలి. అసలు పేరు విడిగా ఒక కవర్లో పెట్టి అంటించాలి. తీర్పు చెప్పాకే దాన్ని చింపుతారు.

ఈ నియమం చూసి హెస్టర్ కళ్లు మెరిశాయి. పేరులేని కాగితంతో ఎవరూ ఇంగ్లీషులో మాట్లాడలేరు కదా! ఆవిడకు బహుమతి అక్కర్లేదు. తను రాసిన మాటకు ఒక్క మనిషి, ఒకే ఒక్క మనిషి మూతి ముడుచుకుంటే చాలు. ఈ ఊళ్లో తనమీద ఎవరికైనా కోపం రావాలి. మూడు వారాలు కూర్చుని, మెన్నా టీ మీద పద్యం కట్టింది. అసలుది ఇంకా ఘాటు, మన భాషలో ఈ మాత్రం:

మా హాల్లో టీ కాచేది మెన్నా,
ఆకు కనబడిందా ఎవరికన్నా?
పాస్టరు గుటకేసి అన్నాడు: "దేవా!
ఇది టీయో, బాప్తిస్మపు నీళ్లో చెప్పవా?"
రెండు కప్పులు తాగీ నేనింకా బతికే ఉన్నా!

కింద "దురదగొండి" అని మారుపేరు పెట్టింది. కవరు మీద "పెద్దల పోటీ" అని పెద్దక్షరాలతో రాసి, తన చేత్తోనే తీసుకెళ్లి మెన్నా తలుపు సందులో పడేసింది.

పోటీ రోజున హెస్టర్ వెనక నుంచి మూడో వరసలో కూర్చుంది. వేదిక మీద న్యాయనిర్ణేత ఇథెల్. పక్క లోయ రైతు, పద్యం బాగా రాస్తాడు, నోరు మాత్రం మంచిది కాదు. మధ్యాహ్నం మూడింటికి ఆయన ఒక కాగితం పైకెత్తాడు.

"కొత్తగా భాష నేర్చుకునేవాళ్ల పోటీ. వచ్చింది ఒక్కటే. కాబట్టి మొదటి బహుమతీ దానికే. మారుపేరు, దురదగొండి."

హెస్టర్ కుర్చీలో ముందుకు వంగింది. ఇథెల్ కవరు చింపి హెస్టర్ పేరు చెప్పి, పద్యం చదివాడు. హాలంతా నవ్వింది. కానీ ఎలాంటి నవ్వు! పసిపిల్ల తొలి అడుగు వేసి కూలబడితే ఇంట్లోవాళ్లు నవ్వే నవ్వు. "పాపం, ఎంత బాగా రాసిందో!" అని ఒకామె కళ్లు తుడుచుకుంది. పరువు పోవలసిన మెన్నా అందరికన్నా గట్టిగా చప్పట్లు కొడుతోంది. మూతి ముడవడం మాట దేవుడెరుగు, మురిసి ముక్కలైపోతోంది.

హెస్టర్ లేచి వేదిక దాకా నడిచింది. రిబ్బను కట్టిన, బహుమతి డబ్బు వేసిన చిన్న పట్టు సంచీని ఆవిడ మెడలో వేయబోయారు. చేత్తో అడ్డుకుంది.

"ఇది నాది కాదు," అంది వెల్ష్‌లో. "నేను పెద్దల పోటీకి పంపాను. దీన్ని ఇందులో ఎవరు పెట్టారు?"

మెన్నా టీ బల్ల దగ్గర నుంచి చేయి ఊపింది. "నేనే బంగారం," అంది ఇంగ్లీషులో. "ఇంట్లో లేనప్పుడు నువ్వు వదిలే చీటీలు చూస్తాను కదా, ఆ చేతిరాత నాకు తెలియదా! పేరున్న కవరు చింపలేదులే. పెద్దవాళ్లతో పడితే నలిగిపోతావని ఇటు మార్చాను."

"నలిగితే నలుగుతాను, నా ఖర్మ! ఏ పోటీకో కవరు మీద అంత లావున రాశానే, కార్యదర్శిగారికి కళ్లజోడు కొనిపెట్టాలా?"

మెన్నా చేతులు జోడించి చుట్టూ చూసింది. "ఎంత ముచ్చటగా మాట్లాడుతోందో చూశారా!" అంది, మళ్లీ ఇంగ్లీషులోనే. ముందు వరసలో ఇద్దరు చప్పట్లు కూడా కొట్టారు.

అంతే. తొమ్మిదేళ్లుగా మింగినదంతా హెస్టర్ గొంతులోకి తన్నుకొచ్చింది.

"మెన్నా గారూ, అందులో రాసింది సరదాకి కాదు, నిజం. ఆ వేణ్ణీళ్లు తాగలేక ఏళ్ల తరబడి ఆ కిటికీలో పూలకుండీలో ఒంపేస్తున్నాను. మొక్క చచ్చింది!"

"అందులో నాకూ వాటా ఉంది," అన్నారెవరో వెనక నుంచి.

మెన్నా మొహంలో నవ్వు ఆరిపోయింది. ఇంగ్లీషు కోసం నోరు తెరిచింది, అది రాలేదు. వచ్చింది వెల్ష్, కట్ట తెగినట్టు.

"ఏమన్నావే? వేణ్ణీళ్లా? ఇది మా అమ్మ నేర్పిన కొలత! ఇరవై రెండేళ్ల నుంచి ఈ హాల్లో నా నడుం విరగ్గొట్టుకుంటున్నాను. ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు వచ్చి కప్పు కడిగావా నువ్వు? తాగి మూతి తుడుచుకుని పోవడమేగా! పైగా పద్యాలొకటి మహాతల్లికి!"

"నన్నెప్పుడు పిలిచారు కడగడానికి? గోడమీద వంతుల కాగితంలో ఊరందరి పేర్లూ ఉన్నాయి, నా పేరేదీ? తొమ్మిదేళ్లుగా చుట్టాన్ని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టారు నన్ను! నేను చుట్టాన్ని కాదు, ఈ ఊరిదాన్ని!"

"నోరుందిగా, అడగొచ్చుగా!"

"అడిగాను! ఆరుసార్లు అడిగాను! అడిగినప్పుడల్లా నా వెల్ష్ బాగుందన్నారు!"

హాలు గొల్లుమంది. మెన్నా నవ్వలేదు. ఎర్రబడిన మొహంతో ఒక కప్పు ఎత్తి సాసరులో ఠంగుమని పెట్టింది. "మాట్లాడే తీరు చూడు, పొగరుబోతు," అంది. ఆ మాట హెస్టర్ చెవికి తేనె పోసినట్టుంది.

ఇథెల్ గొంతు సవరించుకున్నాడు. పెద్దల పోటీకి వచ్చిన ఆరు కాగితాలూ ముందేసుకుని, హెస్టర్ కాగితాన్ని వాటి మధ్య అటూ ఇటూ జరిపాడు. చాలాసేపు జరిపాడు.

"ఏడింటిలో నాలుగోది," అన్నాడు చివరికి. "పాస్టరు పాదం పరవాలేదు. ఆఖరి పాదం మెట్లమీద కాలు జారినట్టుంది. ఈ సరుకుతో బహుమతి అడిగే హక్కు నీకు లేదమ్మాయ్. వెళ్లి కూర్చో."

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. పాపం అనలేదు. పట్టు సంచీ పెట్టెలోకి వెళ్లిపోయింది. హెస్టర్ తన కుర్చీలోకి వచ్చి కూర్చుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత సంతోషం పరీక్ష నెగ్గిన రోజున కూడా కలగలేదు.

ఆ సాయంత్రం మెన్నా ఆవిడ వంక చూడలేదు. మర్నాడు ఆదివారం ప్రార్థనలోనూ చూడలేదు. హెస్టర్‌కు సంతోషం సగం దిగి, బెంగ పట్టుకుంది. కోపం చల్లారాక మెన్నా మళ్లీ మర్యాదస్తురాలైపోతే? మళ్లీ ఆ ఇంగ్లీషు, మళ్లీ ఆ బంగారం! సోమవారం ఉదయం మెన్నా ఇంటిముందు వ్యాను నిలిపింది.

మెన్నా గేటు దగ్గరే నిలబడి ఉంది. ఉత్తరాలు లాక్కుంది. శుభోదయం లేదు, ఏమీ లేదు.

"నాలుగోదా?" అంది వెల్ష్‌లో. "నామీద రాసిన పద్యం నాలుగోదా? పశువుల డాక్టరు మీద రాసినదానికి కిందటేడు మొదటిదొచ్చింది! రాత్రంతా నాకు నిద్ర లేదు. ఊరందరి ముందూ నా పరువు తీయాలనుకున్నదానివి, ఆ ఆఖరి పాదం సరిగ్గా తగలడొద్దూ? ఏప్రిల్‌లో పక్క లోయ పోటీలున్నాయి. లోపలికి తగలడు, పెన్నుందా?"

హెస్టర్ ఇంజను ఆపేసింది.