రెండో నంబరు రేకు

దేశం తరఫున ఆడే అండర్-17 ఫుట్‌బాల్ జట్టు అంతర్జాతీయ చరిత్ర మొత్తం స్టేడియం ఆఫీసు గోడ మీద ఒకే ఒక్క కాగితంలో పట్టేసింది. ఆడినవి ముప్పై ఒకటి. గెలిచినవి సున్నా. సమం చేసినవి మూడు, ఓడినవి ఇరవై ఎనిమిది. కొట్టిన గోల్స్ తొమ్మిది, తిన్నవి నూట ఇరవై నాలుగు. ఆ తొమ్మిదీ కూడా తొమ్మిది వేరువేరు మ్యాచ్‌ల్లో కొట్టినవే. ఒకే మ్యాచ్‌లో రెండు గోల్స్ కొట్టిన పాపాన మనవాళ్ళు ఎన్నడూ పోలేదు.

ఈ లెక్కలన్నీ స్కోరు మామకు ఎక్కాల్లా నోటికి వచ్చు. ఇరవై రెండేళ్ళుగా ఆ స్టేడియంలో స్కోరు బోర్డు ఆయన చేతిలోనే ఉంది. స్కోరు మామ అని ఆటగాళ్ళు మొదలుపెట్టిన పిలుపు చివరికి జీతాల రిజిస్టరులోకి కూడా ఎక్కింది. బోర్డంటే పెద్ద యంత్రమేమీ కాదు. నల్లరంగు వేసిన చెక్క గోడ, దానికి రెండు వరసల కొక్కేలు, ఆనించిన నిచ్చెన. పై వరస మనది, కింది వరస వచ్చినవాళ్ళది. మనకి నీలం అంకెల రేకులు, వాళ్ళకి ఎర్ర అంకెల రేకులు, వరసకి సున్నా నుంచి తొమ్మిది దాకా పదేసి. గోల్ పడితే మామ నిచ్చెనెక్కి రేకు మారుస్తాడు.

ఎర్ర రేకులు వాడి వాడి రంగు పోతే మూడుసార్లు కొత్తగా వేయించారు. ఒకసారి వచ్చినవాళ్ళు పదకొండు కొట్టారు. ఎర్ర ఒకట్లు రెండు లేక, మామ మన నీలం ఒకటిని వాళ్ళ వరసలో తగిలించి పరువు నిలబెట్టుకున్నాడు. ఆ రోజు మనవాళ్ళు పొరపాటున ఒక గోల్ కొట్టి ఉంటే ఆయన పని గోవిందా!

నీలం రేకుల సంగతి వేరు. సున్నా, ఒకటి తప్ప మిగతావి చేసే పనేమీ లేదు. పని లేని వస్తువుని లోకం ఊరికే ఉండనిస్తుందా? మూడో నంబరు రేకు గేటు వాచ్‌మన్ గదిలో పగిలిన కిటికీకి అడ్డం వెళ్ళింది. నాలుగు నుంచి తొమ్మిది దాకా స్టోర్ రూమ్ పైకప్పు కారేచోట సర్దుకున్నాయి. రెండుని మాత్రం మామ ఎవరికీ ఇవ్వలేదు. బయట ఉంటే తుప్పు పడుతుందని చెప్పి ఇంటికి తీసుకెళ్ళాడు. ఆయన భార్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పెరట్లో నీళ్ళ డ్రమ్ము మీద పెట్టింది. కొలిచి కోయించినట్టు సరిపోయింది.

అది మొదలు తొమ్మిదేళ్ళుగా ఆవిడ నోటికి పండగే. "ఏవండీ, మీ రెండు తీసి ఒక చెంబు నీళ్ళు ముంచివ్వండి" అనేది. "మీ కుర్రాళ్ళ పుణ్యమా అని మన నీళ్ళలో ఒక్క దోమ పడలేదు" అనేది. ఆవిడకు ఫుట్‌బాల్ అంటే గిట్టదు. అయినా మ్యాచ్ ఉన్న రోజు రేడియో పెట్టుకుని కూర్చుంటుంది. వచ్చినవాళ్ళు ఎన్ని గోల్స్ కొట్టారో తెలిస్తే, మొగుడు ఎన్నిసార్లు నిచ్చెనెక్కాడో తెలుస్తుంది. దాన్నిబట్టి ఆయన మోకాళ్ళకు కాపడానికి నీళ్ళు కాచిపెడుతుంది. పదకొండు గోల్స్ రోజున బకెట్ నిండా కాచింది.

ఈసారి క్వాలిఫయింగ్ పోటీల చివరి మ్యాచ్. కొత్త కరెంటు బోర్డు వచ్చి గ్యాలరీ కింద పెట్టెల్లో పడుంది. మర్నాడు చెక్క బోర్డుని పీకేసి తుక్కు సామానులో వేస్తారు. ఉద్యోగానికి ఢోకా లేదు, కొత్త బోర్డుకి బటన్లు నొక్కే పని ఆయనకే ఇచ్చారు. కానీ మామ మనసులో కోరిక ఒక్కటే. ఆ బోర్డు పోయేలోగా పై వరసలో రెండు వేలాడటం ఒక్కసారి కళ్ళారా చూడాలి. ఇరవై రెండేళ్ళుగా కనబడ్డవాడికల్లా "ఈసారి మనవాళ్ళు ఇరగదీస్తారు చూడు" అని చెబుతున్న మనిషి ఆయన. ఆ మాట నమ్మేవాడు ఊళ్ళో ఆయన తప్ప ఇంకొకడు లేడు.

పొద్దున బయల్దేరుతుంటే భార్య పెరట్లోంచి కేకేసింది.

"రెండు తీసుకెళ్ళరా?"

"ఎందుకులే. డ్రమ్ములో చెత్త పడుతుంది."

"ఇరగదీస్తారని నిన్న పాలవాడికి గంటసేపు చెప్పారుగా."

"చెప్పాను. తీస్తారు."

"మరి తీసుకెళ్ళండి."

మామ చెప్పులు వేసుకోవడంలో మునిగిపోయాడు. మొదట్లో ఓ నాలుగు మ్యాచ్‌లకి ఆయన ఆ రేకుని సంచిలో పెట్టుకుని వెళ్ళాడు. సాయంత్రం సంచి అలాగే మోసుకొస్తుంటే గేటు దగ్గర వాచ్‌మన్ "ఏం బావా, రెండుకి గాలి మార్పా?" అని అడిగేవాడు. ఆఖరి రోజు కూడా ఆ సంచి మోసుకురావడం ఆయన వల్ల కాదు.

"నమ్మకమంతా మీ నోటికే ఉందండీ, చేతికి లేదు" అంది ఆవిడ.

మామకు చురుక్కుమంది. వట్టి చేతులతోనే వెళ్ళిపోయాడు.

ఆట మొదలైన అరగంటలో వచ్చినవాళ్ళు రెండు కొట్టేశారు. మామ అలవాటైన కాళ్ళతో రెండుసార్లు ఎక్కి, ఎర్ర ఒకటి, ఎర్ర రెండు తగిలించి దిగాడు. ఇంటి దగ్గర నీళ్ళు పొయ్యి మీదకు ఎక్కి ఉంటాయనుకున్నాడు. గ్యాలరీలో ఉన్న నూటపాతిక మందిలో సగం మంది చేతిసంచులు సర్దుకోవడం మొదలుపెట్టారు.

అరవై రెండో నిమిషంలో మన పొట్టి ఫార్వర్డు ఒకటి కొట్టాడు. సంచులు మళ్ళీ కింద పెట్టారు. మామ ఒక్క ఉదుటున నిచ్చెనెక్కి సున్నా తీసి నీలం ఒకటి తగిలించాడు. దాన్ని తగిలించి రెండేళ్ళు దాటింది. కొక్కెం కిర్రుమంది.

డెబ్బై ఐదో నిమిషంలో కార్నర్ కిక్ వచ్చింది. గోల్ ముందు ఓ పదిమంది ఒకరి మీద ఒకరు పడ్డారు, ఆ కుప్పలోంచి బంతి తాపీగా దొర్లుకుంటూ వెళ్ళి గీత దాటింది. ఎవరు కొట్టారో కొట్టినవాడికే తెలియదు. రిఫరీ ఈల వేశాడు. గోల్!

స్టేడియం లేచి గెంతింది. మామ కూడా గెంతాడు. గెంతి కిందికి దిగేసరికి ఆయనకు రేకు గుర్తొచ్చింది.

జనం అరవడం ఆపి బోర్డు వైపు తిరిగారు. బోర్డు మీద మనది ఇంకా ఒకటే. మామ చేతికి దొరికిన నీలం రేకు సున్నా. వాళ్ళ రెండు తీసి మన వరసలో పెడదామంటే, వాళ్ళకీ రెండే ఉన్నాయి. వాళ్ళ ఎర్ర ఒకటి తెచ్చి మన ఒకటి పక్కన తగిలిస్తే పదకొండవుతుంది. సుద్దముక్క కోసం జేబులు తడుముకుంటే పాత బస్సు టికెట్టు దొరికింది.

"ఓ స్కోరు మామా, నిద్రపోయావా?" అని గ్యాలరీలోంచి ఎవరో అరిచారు. అందరూ నవ్వారు.

మామకు తల కొట్టేసినట్టయింది. ఇరవై రెండేళ్ళు ఎదురుచూసిన రేకు ఇంట్లో డ్రమ్ము మీద ఉంది. దాన్ని అక్కడ పెట్టింది భార్యే అయినా, ఇంటికి మోసింది మాత్రం తనే. తుప్పు పడుతుందన్నది వట్టి సాకు. వీళ్ళు రెండు కొట్టరని అందరికంటే ముందు తేల్చుకున్నవాడు తనే.

"కిందికి చూడండి!"

నిచ్చెన మొదట్లో భార్య నిలబడి ఉంది. రొప్పుతోంది. జుట్టు ముడి ఊడిపోయింది, ఒక చెప్పు తెగి చేతిలో ఉంది. రెండో చేతిలో రేకు.

మామ వంగి అందుకున్నాడు. అంచు చుట్టూ డ్రమ్ము మూతి ఆనిన గుండ్రటి తుప్పు మరక. మధ్యలో నీలం రెండు మాత్రం కొత్తగా వేసినట్టే ఉంది. ఒకటి తీసి దాన్ని కొక్కేనికి తగిలించాడు. తొందరలో రెండుసార్లు తప్పింది. జనం ఆ గోల్‌కి మళ్ళీ ఇంకోసారి చప్పట్లు కొట్టారు.

దిగి వచ్చాక అడిగాడు. "ఇంటి నుంచి పావుగంట నడక. గోల్ పడి రెండు నిమిషాలు కూడా కాలేదు. అప్పుడే ఎలా వచ్చావు?"

"మొదటిది పడగానే బయల్దేరాను" అంది ఆవిడ, చెప్పు సరిచేసుకుంటూ. "ఒకటి కొట్టినవాళ్ళు రెండోది కొట్టరా ఏంటి?"

మామ ఆవిడ వంక అలాగే చూస్తుండిపోయాడు. ఇన్నాళ్ళూ ఊరంతటికీ తను చెప్పిన మాటని, వెక్కిరిస్తూనే నమ్మిన మనిషి ఒకరు ఇంట్లోనే ఉన్నారు.

"గుడ్లప్పగించి చూస్తారేం? ఇంకా పన్నెండు నిమిషాలుంది. మూడు ఎక్కడ?"

"వాళ్ళ మూడు ఖాళీగానే ఉందిగా."

"వాళ్ళది మనకెందుకు? మనది తెచ్చుకోండి."

మోకాళ్ళ నొప్పులున్న మనిషి గేటు దాకా పరిగెత్తాడు. వాచ్‌మన్ గది కిటికీలోంచి మూడుని ఊడబెరుకుతుంటే "గాలి కొడుతుంది బావా!" అని వాచ్‌మన్ మొత్తుకున్నాడు. "ఇవాళ్టికి కొట్టనీరా!" అన్నాడు మామ.

చివరి పది నిమిషాలూ ఆయన మూడుని చంకలో పెట్టుకుని నిచ్చెన మూడో మెట్టు మీదే నిలబడ్డాడు. ఆఖర్లో పొట్టి ఫార్వర్డు కొట్టిన బంతి గోల్ స్తంభానికి తగిలి బయటికి పోయింది. అప్పటికే మామ ఇంకో రెండు మెట్లు ఎక్కేశాడు. ఈల పడింది. రెండు, రెండు. మన జట్టు ఎప్పటిలాగే పోటీల నుంచి బయటికి వచ్చేసింది. ఆఫీసు కాగితంలో సమం చేసినవి నాలుగయ్యాయి.

సాయంత్రం ఇద్దరూ ఇంటికి నడిచారు. తెగిన చెప్పుతో ఆవిడ మెల్లగా నడుస్తుంటే ఆయనా మెల్లగానే నడిచాడు. రెండు ఆవిడ చేతిలో ఉంది, మూడు ఆయన చంకలో ఉంది.

"ఇంట్లో ఉన్నది ఒకటే డ్రమ్ము. మూడు ఎందుకు మోసుకొస్తున్నారు?"

"రేపటి నుంచి కరెంటు బోర్డు" అన్నాడు మామ. "మనవాళ్ళు మూడు కొట్టిన రోజే కరెంటు పోతే?"

ఆవిడ దానికి నవ్వలేదు. స్టోర్ రూమ్ పైకప్పు మీదున్న నాలుగుని కూడా ఆదివారం దింపుకురమ్మంది.