చిన్నక్క చేతిపట్టీ

బల్ల మీది పట్టీ తీసి చొక్కా ఎడమచేతి మీద చుట్టుకొని, ఒక కొస పళ్ళతో పట్టుకొని పిన్ను గుచ్చుకుంది చిన్నక్క. ఒంటిచేత్తో పిన్ను పెట్టుకోవడం మొదట్లో చేతనయ్యేది కాదు. ఇప్పుడు చూడకుండానే పెట్టేసుకుంటుంది. ముదురు నీలం గుడ్డ. దాని మీద తెల్లదారంతో కుట్టిన అరబ్బీ అక్షరాలు. అవి చదవడం ఆమెకు రాదు గాని తలకిందులైతే మాత్రం కనిపెట్టగలదు.

"పిన్ను సరింగ మూసినావా మ్మే? నిన్న సాయంత్రం తెరిచి పెడితివి. నా యేలికి గుచ్చుకునింది," అన్నాడు బల్ల వెనక నుంచి అబ్దుల్ ఖుద్దూస్.

"గుచ్చుకుంటే మంచిదే కదన్నా. నిద్దర మేల్కుంటావు."

"నిద్దర యాడుండాది? ఆ తుపాకులోళ్ళు రాత్రంతా పాటలు పాడ్తాండారు."

ఖుద్దూస్‌ది రాయచోటి. గోరింటాకు పెట్టిన గడ్డం, అరిగిపోయిన బూట్లు. కువైట్ నగరంలో మిర్కాబ్‌లోని ఆ నాలుగంతస్తుల భవనం తలుపు దగ్గర ఆయన మగవాళ్ళను తనిఖీ చేస్తాడు, చిన్నక్క ఆడవాళ్ళను. కింద దర్జీ కొట్లు, రెండో అంతస్తులో ఆడవాళ్ళ ఆసుపత్రి. తలుపు దాటగానే ఎడమపక్క చెక్కలతో కట్టిన చిన్న గది, దానికి ఆకుపచ్చ తెర, లోపల ఒక ప్లాస్టిక్ స్టూలు, గోడకు ఒక మేకు. వచ్చిన ఆడమనిషి తన సంచి ఆ మేకుకు తగిలిస్తుంది. చిన్నక్క ఆమెను భుజాల నుంచి మడమల దాకా తడిమి చూసి, తెర బయటికి వినపడేలా ఒక్క మాట అంటుంది. ఏమీ లేకపోతే 'మాఫీ'. ఏదైనా ఉంటే 'ఫీ'. అన్నేళ్ళ ఉద్యోగమూ ఆ రెండు మాటల్లోనే ఉంది.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పటి నుంచి ఆ మాట వినేది ఖుద్దూస్ కాదు. తలుపు బయట ఇసుక మూటల మధ్య, ఎవరి ఆఫీసులో నుంచో ఈడ్చుకొచ్చిన తోలు కుర్చీలో ఒక సార్జెంటు కూర్చుని ఉంటాడు. నెరిసిన మీసాలు, ఎప్పుడూ ఒక బూటు విప్పి పాదం నొక్కుకుంటూ ఉంటాడు. అతని మనుషులు ఒకసారి పైదాకా పోయి, కాన్పు మంచాలూ ఆడవాళ్ళ కేకలూ చూసి సిగ్గుపడి దిగివచ్చారు. తిండిగాని మందులుగాని తమను అడక్కుండా లోపలికి పోగూడదన్నారు, వెనక గుమ్మం బయటికి పోవడానికే అన్నారు. ఆడవాళ్ళను తడిమే పని మాత్రం చిన్నక్కకే వదిలారు.

ఆ పని ఆమె అడిగి తెచ్చుకున్నది కాదు. భర్త పోయిన ఏడాది పుల్లంపేట దగ్గరి పల్లె నుంచి మిష్రిఫ్‌లో ఒక ఇంటికి వంటమనిషిగా వచ్చింది. ఆ ఇంటి ఇల్లాలిని పనివాళ్ళందరి మాదిరే 'మామా', అంటే అమ్మా, అని పిలిచేది. మామా కొడుకు బదర్ చిన్నక్క వేలు పట్టుకొనే నడక నేర్చాడు. వాడు మీసాలొచ్చి, వేలు అక్కర్లేని వాడయ్యేసరికి ఊళ్ళో బాంబులు పేలాయి. జనం వచ్చిపోయే భవనాలకు కాపలా ఉండాలనీ, ఆడవాళ్ళు వచ్చే చోట తనిఖీకి ఆడమనిషే ఉండాలనీ పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మామా తమ్ముడు ఒక కాపలా కంపెనీ పెట్టాడు. ఆడమనిషి కావాలంటే అక్క ఇంట్లోనే ఉంది కదా అన్నాడు. అట్లా అతను చిన్నక్కకు కఫీల్, అంటే ఆమె వీసాకు పూచీపడే యజమాని, అయ్యాడు.

కాపలా అంటే తలుపు దగ్గర కూర్చోవడమే అనుకుంది చిన్నక్క. తీరా చూస్తే అది పెళ్ళి కంటే పెద్ద తంతు. మంచి నడవడిక గలదని రాజంపేట పోలీసుల నుంచి కాగితం తెప్పించారు. ఇక్కడి స్టేషన్లో పది వేళ్ళకూ సిరా పూసి ముద్రలు తీసుకున్నారు. అధికారి నియమాలు చదువుతుంటే పక్కన నిలబడి ఖుద్దూస్ తెలుగులో చెప్పాడు. ఏ తలుపుకు వేశారో ఆ తలుపు దగ్గరే నీ అధికారం, వీధిలోకి అడుగు పెడితే అందరిలో ఒకదానివి. ఎవరినీ కొట్టగూడదు, గదిలో పెట్టి గడియ వెయ్యగూడదు. తప్పు చేసినవాళ్ళు దొరికితే పోలీసులకు అప్పజెప్పడం వరకే నీ పని. అరచేత్తో తాకగూడదు, చేతి వెనకవైపుతోనే తడమాలి. పట్టీ పొద్దున తీసుకొని సాయంత్రం తిరిగి అప్పజెప్పాలి, ఇంటికి పట్టుకుపోగూడదు. పట్టీ చేతికున్నంతసేపూ నీ మాట సాక్ష్యంతో సమానం, అది అబద్ధమని తేలితే పట్టీ పోతుంది, దేశంలో ఉండనిచ్చే ఇఖామా పోతుంది.

"దేని మీద ప్రమాణం చేస్తావు?" అని అడిగాడు అధికారి.

"మా గంగమ్మ తల్లి మీద," అంది.

ఆ స్టేషన్లో గంగమ్మ ఎక్కడుంటుంది? ఆయన కాసేపు ఆలోచించి, బల్లమీదున్న కొత్త పట్టీని ముందుకు జరిపి, దాని మీద చెయ్యి పెట్టమన్నాడు. పెట్టింది. ఆయన పని అంతటితో అయిపోయింది. చిన్నక్కకు మాత్రం ఆనాటి నుంచి గంగమ్మ ఆ గుడ్డలోనే ఉంది. పట్టీని ఎన్నడూ నేల మీద పెట్టలేదు. పట్టీ ఉన్న చేత్తో చెమట కూడా తుడుచుకోలేదు.

అందుకే సైనికులు వచ్చిన కొత్తలో, ఒక బాలింతరాలి ఒళ్ళంతా కప్పిన నల్లటి అబాయా కింద పాలపొడి డబ్బా తగిలితే నోరు దానంతటదే 'ఫీ' అంది. సార్జెంటు డబ్బా తీసుకున్నాడు.  ఆ పిల్ల చిన్నక్క మొహంలోకి ఒకసారి చూసి మెట్లెక్కి పోయింది. 

"పట్టీ కట్టుకోని అబద్ధం ఎట్ల చెప్పేదన్నా?" అని ఆ పూట ఖుద్దూస్‌ను అడిగింది. 

ఈ రోజు పట్టీ కట్టుకున్న కాసేపటికి, ఆసుపత్రిలో ఆయాగా చేసే లక్ష్మీదుర్గ చీపురు చంకన పెట్టుకొని మెట్లు దిగి వచ్చింది. అమలాపురం వైపు పిల్ల. నెమ్మదిగా మాట్లాడ్డం పుట్టుకతోనే రాలేదు.

"అక్కోయ్! మధ్యాన్నం బస్సంట! మన వెనక రోడ్లోకే వచ్చి ఎక్కించుకుంటాడంట. బస్రా, బాగ్దాదు, ఆనక అమ్మాను. అక్కణ్నుంచి ఇమానంలో బొంబాయి. పాస్‌పోర్టు లేనోళ్ళని బోర్డరు దాటనివ్వరంట. నీది రాకపోతే నిన్నొదిలేసి ఎల్లిపోతాం, ఆయ్, ముందే చెప్తన్నాను!"

"పోండి మ్మే. నీ గొంతు బస్రా దాంకా ఇనపడ్తాది. దాని ఎంబడే నడ్సుకుంటా వస్తా."

"నవ్వులాటా నీకు? మీ మామా వస్తదా అసలు?"

"వస్తాననింది."

లక్ష్మీదుర్గ బయటి కుర్చీ వైపు ఒకసారి చూసి, ఆమె శక్తికి మించినంత మెల్లగా చెప్పింది. "పైన కుర్రోడికి ఒళ్ళు కాలిపోతంది అక్కా. రాత్రంతా 'చిన్నా, చిన్నా' అని నిన్నే పలవరించేడు. డాక్టరమ్మ దగ్గర సూదిమందు అయిపోయింది. ఒకసారొచ్చి చూసి పోరాదా?"

"తలుపు ఇడిసిపెట్టి ఎట్ల వచ్చేది? నేను లేకుంటే వాళ్ళే తడుముతారు."

ఆ పైనున్న కుర్రవాడు బదరే. సైనికులు కాల్చిన గుండు తొడలో దిగి, ఆసుపత్రి దుప్పట్ల గదిలో దాక్కొని ఉన్నాడు. నిన్న ఆసుపత్రి ఫోనులో మామా చిన్నక్కతో రెండే మాటలు మాట్లాడింది. "రేపు వస్తాను. నీదీ తెస్తాను, వాడిదీ తెస్తాను." వినేవాళ్ళుంటారని అంతకు మించి చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా. కఫీల్ ఎండాకాలం గడపడానికి లండన్ పోయి అక్కడే చిక్కుకుపోయాడు. అతను తీసిపెట్టుకున్న చిన్నక్క పాస్‌పోర్టు మామా బీరువాలో ఉంది. బదర్‌కు కావలసింది మందు. రెండూ ఒకే నడుముకు కట్టుకొని వస్తుంది. 'ఫీ' అంటే రెండూ పోతాయి. మామాను కూడా పట్టుకుపోతారు. 'మాఫీ' అందామంటే చేతికి గంగమ్మ ఉంది.

పొద్దంతా ఆ ఆలోచనతోనే చిన్నక్క చేతులు పనిచేశాయి. ఒక నిండు చూలాలు వచ్చింది. తల్లినీ కూతుర్నీ ఒకరి తర్వాత ఒకరిని తడిమింది. మాఫీ. మాఫీ. పడమటి ఎండ గాజు తలుపులో నుంచి ఖుద్దూస్ బల్ల దాకా వచ్చింది. సగం చల్లారిన టీ గ్లాసు ముందు పెట్టుకొని ఆయన వీధి వైపే చూస్తున్నాడు.

చిన్నక్క బతుకులో ఎవరికీ చెప్పి పోవడం కుదరలేదు. భర్త బండెద్దు పొడిచి చేలోనే పోయాడు. పల్లె నుంచి బయలుదేరిన తెల్లవారుజామున తల్లి నిద్రపోతుంటే లేపడానికి మనసొప్పలేదు. ఆమె పోయిందన్న జాబు మిష్రిఫ్‌కు చేరేసరికి అక్కడ కర్మ కూడా అయిపోయింది. తలుపుకు కాపలా ఉండే మనిషికి వచ్చేవాళ్ళే గాని పోయేవాళ్ళతో పని లేదు అనుకొని సరిపెట్టుకునేది.

మామా నడిచి వచ్చింది. కారు దిగితే చాలు ఎండ తగలకుండా ఇంట్లోకి పోయే మనిషి, వీధి చివరి నుంచి గోడ నీడన మెల్లగా నడుచుకుంటూ వచ్చింది. చేతుల్లో ఏమీ లేదు.

"ఎక్కడికి?" అన్నాడు సార్జెంటు.

"ఆసుపత్రికి. కడుపులో నొప్పి."

సార్జెంటు ఆమెను పైనుంచి కిందికి చూసి చిన్నక్క వైపు తిరిగాడు. "ఈమె నీకు తెలుసా?"

 చిన్నక్క వంటింట్లో నేర్చిన అరబ్బీ కూడదీసుకుంది. "తలుపు దగ్గర నాకు అందరూ ఒకటే, సార్."

అది అబద్ధం కాదు. ఆ తలుపుకు నియమమే అది. సార్జెంటు తెర వైపు తల ఊపాడు.

తెర పడింది. దానికి అవతల బూటు నేలకు రాసుకుంటున్న చప్పుడు దగ్గరగా వినిపిస్తోంది. మామా చేతులు రెండూ పక్కలకు చాచింది. ఎప్పుడూ ఆమె బట్టలకుండే సాంబ్రాణి వాసన లేదు. చెమట, ఉల్లిపాయల వాసన ఉంది. ఇప్పుడు వంట తనే చేసుకుంటోంది కాబోలు. చిన్నక్క చేతుల వెనకవైపుతో భుజాలు తడిమింది. ఎముకలు తగిలాయి. పక్కలు తడిమింది. నడుము దగ్గర గుడ్డలో చుట్టిన చిన్న చిన్న గాజు సీసాలు వరసగా తగిలాయి. మామా ఊపిరి తీసినప్పుడల్లా అవి ఒకదానికొకటి సన్నగా తాకుతున్నాయి. వాటి పక్కన పలచటి అట్ట, పాస్‌పోర్టు అంత.

చిన్నక్క ఆగింది. 'ఫీ' అనే మాట నోటి దాకా వచ్చి నిలబడింది.

పిన్ను విప్పింది. పట్టీని చేతి నుంచి తీసి కళ్ళకద్దుకుంది. ఆడవాళ్ళు సంచులు తగిలించే ఆ మేకుకు తగిలించింది. 'తల్లీ, ఈడ్నే ఉండు. ఈ ఒక్క మాటకు నువ్వు నాతో లేవు. ఇది నేనే అంటాండా' అనుకుంది లోపల.

మామా అంతా చూస్తోంది. ఆమెకు అర్థమయిందో లేదో గాని, ఉన్నట్టుండి చిన్నక్క చెయ్యి పట్టుకొని, దాన్ని తిప్పి, అరచేతిని తన చెంపకు ఆనించుకుంది. అన్నేళ్ళలో ఆ తెర వెనక చిన్నక్క అరచెయ్యి ఎవరినీ తాకలేదు. చెంప కాలుతోంది, తడిగా ఉంది.  మామా రెండో చెయ్యి అబాయాలోకి పోయి, పలచటి అట్టతో తిరిగొచ్చి, దాన్ని చిన్నక్క చొక్కా లోపలి రవికలో దోపింది.

"మాఫీ!" అంది చిన్నక్క, బయటికి వినపడేలా.

మామా వెనక్కి చూడకుండా మెట్లెక్కింది. చూడగూడదు. మూడో మెట్టు మీద సీసాలు గలగలమన్నాయి. అదే క్షణాన ఖుద్దూస్ స్పూను తీసుకొని చల్లారిన టీని గలగలా కలపసాగాడు. ఆ భవనంలో చక్కెర అయిపోయి వారం దాటింది. అయినా కలుపుతూనే ఉన్నాడు, మెట్ల మీది అడుగుల చప్పుడు ఆగిపోయే దాకా.

సార్జెంటు లేచి గుమ్మంలోకి వచ్చాడు. అతని చూపు చిన్నక్క ఎడమచేతి మీద ఆగింది. ఏళ్ళ తరబడి పడమటి ఎండ తగిలి ఆమె నీలం కాపలా చొక్కా బూడిదరంగుకు తిరిగింది. పట్టీ ఉండే మేర మటుకు కొత్తనాటి నీలం అట్లాగే నిలిచింది. దూరం నుంచి చూస్తే పట్టీ ఉన్నట్టే ఉంటుంది. అతను మరీ దూరంలో లేడు. ఆ నీలం మీద తెల్లటి అక్షరాలు లేవు.

సార్జెంటు సిగరెట్టు ముట్టించుకున్నాడు. వీధి వైపు తిరిగి కూర్చుని మళ్ళీ బూటు విప్పాడు. అతను చూశాడో, చూసి ఊరుకున్నాడో చిన్నక్కకు ఎప్పటికీ తెలియలేదు.

"అక్కా! బస్సు! యల్లా, యల్లా!" వెనక గుమ్మం నుంచి లక్ష్మీదుర్గ కేక.

చిన్నక్క ఖుద్దూస్ బల్ల దగ్గరికి వచ్చింది. "నువ్వు రావా అన్నా?"

"నేనూ వస్తే తలుపు ఎవురికి అప్పజెప్పేది? పైన మనిషి ఉండాడు కదా." ఆయన కళ్ళు బల్ల మీద, రోజూ సాయంత్రం పట్టీ పెట్టే చోట ఆగాయి. "పట్టీ?"

"లోపలుండాది. దాన్ని తాకే మొగం లేదన్నా నాకు. నువ్వు గూడా ఈ పొద్దుకు తియ్యాకు."

ఖుద్దూస్ తెర వైపు చూశాడు, ఆమె చేతి వైపు చూశాడు. "పో మ్మే," అన్నాడు. "ఊర్లో మా ఇంటికి పోయి, బాగుండాడని చెప్పు."

వెనక గుమ్మం దాటి వీధిలోకి అడుగు పెట్టాక చిన్నక్క అందరిలో ఒకతె అయింది. వెనక్కి తిరిగి రెండో అంతస్తు కిటికీ వైపు చూసింది. తెల్లటి పరదా వేసి ఉంది. బస్సులో కిటికీ పక్కన చోటు పెట్టి లక్ష్మీదుర్గ ఎడతెగకుండా ఏదో చెబుతోంది. చిన్నక్క ఒక చేత్తో రవికలోని పాస్‌పోర్టు అదుముకొని, రెండో అరచెయ్యి ఒళ్ళో వెల్లకిలా పెట్టుకొని కూర్చుంది. దాన్ని దేనికీ తగలనివ్వలేదు.

బస్సు ఊరు దాటి బస్రా రోడ్డెక్కాక ఆమెకు గుర్తొచ్చింది, పిన్ను మూయలేదని. మిర్కాబ్‌లో, ఆకుపచ్చ తెర వెనక, ఆడవాళ్ళు సంచులు తగిలించే మేకుకు నీలం పట్టీ వేలాడుతూ ఉంటుంది, తెరిచిన పిన్నుతో.