పదమూడో ఎక్కం

ఎనభయ్యారు వరద తర్వాత అంతటి వరద మళ్ళీ వచ్చిన ఏడు అది. జూలైలోనే గోదావరి లంక మీదికెక్కి, అరటితోటల్ని ముంచి, జనాన్ని బడి మేడ మీదికి తోలేసింది. ఆ నీళ్ళలోనే లాజరు తన ఇంజను పడవ వేసుకుని, నొప్పులు పడుతున్న కూతుర్ని అవతలి రేవుకి చేర్చాడు. మర్నాడు ఆస్పత్రిలో మగపిల్లాడు పుట్టాడు. లాజరు వాణ్ణి చూసి "ఊఁ" అన్నాడు. నర్సులు నవ్వారు గాని, ఆయన సంగతి తెలిసిన భార్య జ్ఞానమ్మ మాత్రం, "అబ్బో, మనవడంటే ఎంత సంబరమో చూడండమ్మా" అంది.

లాజరు మాట్లాడేది తక్కువ. పడవెక్కినవాళ్ళు ఊళ్ళో గొడవలన్నీ చెప్పుకుంటూ ఏరు దాటుతారు. ఈయన ఇంజను పక్కన చుక్కాని పట్టుకుని కూర్చుంటాడు. ఆ చప్పుడులో ఎవరితోనూ మాట్లాడే పని లేకపోవడమే ఆయనకి ఆ పనిలో బాగా నచ్చింది. మెడలో ఎప్పుడూ ఒక తువ్వాలు. ఒకప్పుడు అది ఎర్రగళ్ళది. ఇప్పుడు గళ్ళు లేవు, డీజిలు రంగు ఒక్కటే ఉంది. మొహం తుడుచుకునేది అదే, ఇంజను తుడిచేదీ అదే. జ్ఞానమ్మ దాన్ని ఇంట్లోకి రానిచ్చేది కాదు. గుమ్మం బయట మేకుకి తగిలించి లోపలికి రావాలి.

కూతురు క్రిస్టినా తండ్రికి పూర్తిగా ఎదురు. రాజమండ్రిలో ఒక చిన్న ప్రైవేటు బళ్ళో లెక్కల మేడమ్. ఆ బడికి రేకుల కప్పు, పక్కనే లారీల షెడ్డు. అక్కడ పాఠం చెప్పాలంటే లారీని మించి అరవాలి. క్రిస్టినా మించేది. నెలలు నిండాక కూడా బోర్డు ముందు నిలబడి సెవెంత్ క్లాసు చేత ఎక్కాలు అప్పగించుకునేది. ఆ షెడ్డులో క్లీనర్లకి కూడా పంతొమ్మిదో ఎక్కం వచ్చేసిందని ఆమె భర్త సుకుమార్ అందరికీ చెప్పి నవ్వేవాడు.

అలాంటి మనిషి పురిటికొచ్చి జ్ఞానమ్మ చేతికి చిక్కింది.

తలకి గుడ్డ కట్టారు. చెవుల్లో దూది పెట్టారు. పొద్దున్నే కాయం ముద్ద మింగించి, పాలు పడతాయని మధ్యాహ్నం సొరచేప పుట్టు పెట్టారు. చన్నీళ్ళు ముట్టకూడదు. ఫోను చూడకూడదు. పాలివ్వడానికి తప్ప పిల్లాణ్ణి ఊరికే ఎత్తుకు కూర్చోకూడదు, నడుం పడిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, గొంతెత్తకూడదు.

"పచ్చి ఒళ్ళే. ఇప్పుడు గట్టిగా మాట్లాడితే చెవి నరాలు పట్టేస్తాయి" అంది జ్ఞానమ్మ.

"ఏంటీ?" అంది పక్కింటి నూకరత్నం. ఆవిడకి వినపడదు.

"బాలింత అరవకూడదంటున్నాను."

"అదే నేనూ చెప్తున్నా. నన్ను చూడమ్మాయ్. రెండో పురిట్లో మా అత్తతో పోట్లాడాను. ఇదిగో, ఇలా అయిపోయాను."

దాంతో క్రిస్టినా నోరు పడిపోయింది. ఏం కావాలన్నా గుసగుసే. పిల్లాడితోనూ గుసగుసే. మంచం పక్కన నిలబడితే తప్ప ఆమె ఏమంటోందో ఎవరికీ తెలిసేది కాదు. లాజరుకి ఆ నిశ్శబ్దం మొదట్లో హాయిగానే ఉంది.

ఇక చంటాడి సంగతి. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజున ఏటి మధ్యలో వాన పట్టుకుంది. తెచ్చిన గుడ్డలన్నీ తడిసిపోయాయి. ఇంజను మూత కింద పొడిగా ఉన్నది లాజరు తువ్వాలు ఒక్కటే. జ్ఞానమ్మ కళ్ళు మూసుకుని, ప్రభువుని తలుచుకుని, వాణ్ణి అందులో చుట్టింది. అంతవరకూ గుక్కపెట్టినవాడు తువ్వాలు ఒంటికి తగలగానే ముక్కు అటూ ఇటూ ఆడించి నిద్రపోయాడు. ఆ రోజు నుంచి వాడికి వేరే గుడ్డ పనికిరాలేదు.

గుమ్మం దాటని తువ్వాలు మంచం ఎక్కింది. జ్ఞానమ్మ ఒకసారి ఉండబట్టలేక దాని మీద చంటిపిల్లల పౌడరు చల్లింది. ఆ పౌడరంతా దులిపేదాకా వాడు ఇల్లు పీకి పందిరేశాడు. తువ్వాలు భుజాన ఉంటే ఎవరి దగ్గరైనా పడుకుంటాడు. నూకరత్నం దగ్గర పడుకున్నాడు. ప్రార్థన చెయ్యడానికి పాస్టరు గారు వచ్చినప్పుడు వీడు గోల ఆపకపోతే, జ్ఞానమ్మ ఆ తువ్వాలు ఆయన తెల్లచొక్కా మీద కప్పి పిల్లాణ్ణి చేతిలో పెట్టింది. ప్రార్థన ప్రశాంతంగా సాగింది. చొక్కా మాత్రం మళ్ళీ తెల్లబడలేదు.

తాత దగ్గరైతే తువ్వాలుతో పాటు ఆ వాసన ఒళ్ళంతా ఉంటుంది గనక, చంటాడికి పండగే. సాయంత్రం లాజరు రాగానే వాణ్ణి ఆయన గుండె మీద పడేసేవారు. ఆయన కదలకుండా కూర్చునేవాడు. దోమ కుట్టినా కొట్టేవాడు కాదు.

తల్లి దగ్గర మాత్రం పాలు తాగుతాడు, తాగడం అవగానే ఏడుస్తాడు. ఆమె గుసగుసగా "నాన్నా, బంగారూ" అంటే ఇంకా ఏడుస్తాడు. ఒకసారి క్రిస్టినా కూడా ఆ తువ్వాలు భుజాన వేసుకుని చూసింది. వాడు హాయిగా పడుకున్నాడు. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"పడుకున్నాడుగా. ఇంకా ఏడుపెందుకే?" అంది జ్ఞానమ్మ.

"వీడు పడుకుంది నా దగ్గర కాదమ్మా. తువ్వాలు దగ్గర."

ఒక మధ్యాహ్నం లాజరు వీధరుగు మీద కూర్చుని వల అతుకుతుంటే, క్రిస్టినా వచ్చి పక్కన కూర్చుంది. ఇటూ అటూ చూసి నెమ్మదిగా చెప్పింది.

"నాన్నా, వీడికి నేనెవరో తెలీదు. పాలకొట్టుకి వచ్చినట్టు వస్తాడు, తాగుతాడు, పోతాడు."

లాజరు వల కింద పెట్టాడు.

"అనకూడదు గాని నాకూ అలాగే ఉంది. వీణ్ణెత్తుకుంటే ఎవరి పిల్లాణ్ణో కాసేపు పట్టుకోమన్నట్టుంటుంది. అందరూ తల్లికి దానంతటదే వస్తుందంటున్నారు. నాకేం రాలేదు." ముక్కు తుడుచుకుంది. "ఆదివారం ఆయనొస్తారుగా. నేను ఆయనతో వెళ్ళి బళ్ళో చేరిపోతాను. వీణ్ణి మీ దగ్గరే ఉంచండి. డబ్బాపాలు అలవాటు చేద్దాం. మీ దగ్గరైతే సుఖంగా ఉంటాడు."

 లాజరుకి లోపల ఒక పక్క సంతోషం వేసింది. పిల్లాడు తన దగ్గరే ఉంటాడు. ఆ సంతోషం వేసినందుకు కూతురి మొహం చూడలేక మళ్ళీ వల అందుకున్నాడు. మధ్యాహ్నమంతా ఒకే కన్ను అతికాడు, అదీ వంకరగానే అతికాడు.

ఆ వారంలోనే చంటాడికి సూది వేయించాల్సి వచ్చింది. లంకలో దారి మీద వరద పోసిన వండ్రుమట్టి ఇంకా తియ్యలేదు, నర్సమ్మ స్కూటీ రాదు. అవతలి ఒడ్డుకి వీళ్ళే వెళ్ళాలి. రేవు మెట్లు బురదతో జారుతున్నాయని, మోకాళ్ళ నొప్పులున్న జ్ఞానమ్మ ఇంటి దగ్గరే ఆగిపోయింది. ఆగిపోతూ ఆగిపోతూ కూతురికి దూది ఇంకాస్త దట్టించి, "గాలి తగలనివ్వకు, నోరు తెరవకు" అని పంపింది.

సూది పని బాగానే అయింది. తిరుగు పడవలో ముగ్గురే. చంటాడు ఇంజను చప్పుడుకి తల్లి ఒళ్ళో నిద్రపోయాడు. తువ్వాలు లాజరు మెడలో ఉంది. ఏటి నడుమకి రాగానే ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

డీజిలు పైపు చీలింది. గాలి పట్టేసింది. లాజరు వంగి చూసి, ఇలాంటప్పుడు ఎప్పుడూ చేసేదే చేశాడు. మెడలో తువ్వాలు తీసి, అంచు చింపి పైపుకి చుట్టాడు, మిగతాది దాని మీద ముడేసి బిగించాడు. బిగించాక గాని ఏం చేశాడో ఆయనకి తెలియలేదు.

చప్పుడు ఆగినందుకు చంటాడు అప్పటికే కళ్ళు తెరిచాడు. సూది వేసిన తొడ గుర్తొచ్చింది. నోరు తెరిచాడు.

క్రిస్టినా ఊపింది. తట్టింది. గుసగుసగా జోకొట్టింది. వాడు ఎర్రబడి, తర్వాత నల్లబడి, ఊపిరి బిగబట్టి మళ్ళీ అందుకున్నాడు. చేపకోసం కూర్చున్న కొంగ ఒకటి లేచిపోయింది.

"నాన్నా, తువ్వాలియ్యి" అని చెయ్యి చాపింది.

లాజరు పైపు వైపు చూశాడు. ఆమె కూడా చూసింది. డీజిలు కారుతూ, ముడి మీద ముడి పడి, అక్కడ ఉంది తువ్వాలు.

క్రిస్టినా తలగుడ్డ లాగేసింది. ఒక చెవిలో దూది తీసి ఏట్లో పారేసింది. రెండోదీ పారేసింది.

"ఆ పైపు మార్చమని వరద రాకముందు నుంచీ మొత్తుకుంటున్నానా లేదా నాన్నా? ప్రతిసారీ గుడ్డ చుట్టడం, ఊఁ అనడం. గుడ్డ చుట్టడం, ఊఁ అనడం. చంటిపిల్లాడితో ఏటి మధ్యలో కూర్చోబెట్టావు. ఇప్పుడు వీణ్ణేం చెయ్యమంటావు? నీ ఊఁతో జోకొట్టమంటావా?"

ఆ గొంతు అవతలి ఒడ్డుకి తగిలి వెనక్కి వచ్చింది. లాజరు కూతురి చేత తిట్లు తినడం కొత్త కాదు గాని, ఇన్నాళ్ళకి విని చిన్నగా ఉలిక్కిపడ్డాడు. ఆ తర్వాత ఇంకోటి గమనించాడు. ఏడుపు వినపడటం లేదు.

చంటాడు నోరు తెరిచినట్టే ఉంది. లోపల్నించి ఏమీ రావడం లేదు. కళ్ళు రెండూ తల్లి మొహం మీద పెట్టి, ఎక్కడో చూసిన మనిషిని ఆనవాలు పట్టేవాడిలా చూస్తున్నాడు.

క్రిస్టినా కూడా ఆగిపోయింది. ఆమె ఆగగానే వాడి కింది పెదవి వంకర తిరిగింది.

"ఏంట్రా?" అంది గట్టిగా, క్లాసులో వెనక బెంచీని అడిగినట్టు.

పెదవి సర్దుకుంది.

"ఏంటి నాన్నా ఇది?"

లాజరు చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "కడుపులో ఉన్నన్నాళ్ళూ ఈ గొంతే విన్నాడు" అన్నాడు. మనవడి వైపు చూసి, "పుట్టాక ఇప్పుడే విన్నాడు" అన్నాడు. ఆయన ఒక్కసారి అన్ని మాటలనడం క్రిస్టినా ఎప్పుడూ చూడలేదు. ఆవిడ తండ్రిని చూసింది, పిల్లాణ్ణి చూసింది. గొంతు సవరించుకుంది.

"పదమూడొకట్ల పదమూడు" అంది.

చంటాడు కాళ్ళు తన్నడం మానేశాడు.

"పదమూడు రెళ్ళ ఇరవయ్యారు. పదమూడు మూళ్ళ ముప్పై తొమ్మిది."

వాడి పిడికిలి విప్పుకుని ఆమె జాకెట్టు అంచు పట్టుకుంది. పదమూడు ఏళ్ళ తొంభై ఒకటి దగ్గర ఆమెకి ఏడుపొచ్చింది. అయినా గొంతు తగ్గించలేదు. ఏడుస్తూనే అరుస్తూ, అరుస్తూనే నవ్వుతూ పదమూడో ఎక్కం పూర్తి చేసి పద్నాలుగు ఎత్తుకుంది. "ఒరేయ్, నువ్వు నా క్లాసువాడివిరా" అని మధ్యలో ఒకసారి వాడి మొహం మీదికి వంగి చెప్పింది.

పడవ నెమ్మదిగా కొట్టుకుపోయి ఒక ఇసుకమేటకి ఆనింది. లాజరు పైపులో గాలి తీసేశాడు. ఇంజను బాగయింది. హ్యాండిలు చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు, తిప్పలేదు.

అటుగా అరటిగెలల పడవ వేసుకుని అమ్మిరాజు వెళ్తున్నాడు. "ఏం లాజరూ, ఆగిపోయిందా? తాడు వెయ్యనా?" అని అరిచాడు.

లాజరు వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"అమ్మాయిగారు చంటోడికి అప్పుడే ట్యూషనెట్టేశారేంటి?"

"ఆయ్, ఎట్టేశానండి. మీరూ కూర్చుంటారా?" అంది క్రిస్టినా, పూర్తి గొంతుతో.

అమ్మిరాజు నవ్వుకుంటూ వేగం పెంచాడు. పద్నాలుగో ఎక్కం సగానికి రాకముందే చంటాడు నిద్రపోయాడు. క్రిస్టినా మాత్రం పదహారు దాకా చెప్పింది. లాజరుకి అయిదో ఎక్కం దాకానే వచ్చు. అన్నీ విన్నాడు.

రేవులో జ్ఞానమ్మ ఎదురుచూస్తూ నిలబడి ఉంది. కూతురి తల చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఏదే తలగుడ్డ? చెవిలో దూదేదీ?"

"గోదాట్లో కలిసిందమ్మా."

"మెల్లగా, మెల్లగా. నరాలు."

"నరాలు పోతే పోనీ. వీడు నా గొంతు గుర్తుపట్టాడు. ఆదివారం ఇద్దరం వెళ్తున్నాం. వీణ్ణెత్తుకుని క్లాసు చెప్పమన్నా చెప్తాను."

జ్ఞానమ్మ మొగుడి వైపు తిరిగింది. "మీరు పక్కనే ఉండి ఏం చేస్తున్నారు?"

"ఊఁ" అన్నాడు లాజరు.

ఆ సాయంత్రం నుంచి ఇంట్లో ఎక్కాలు మొదలయ్యాయి. ఎక్కాలయ్యాక కూడికలు, కూడికలయ్యాక వడ్డీ లెక్కలు. నూకరత్నం గోడ మీంచి తొంగి చూసి, ఇన్నాళ్ళకి ఈ ఇంట్లో ఒకళ్ళు తనకి వినపడేలా మాట్లాడుతున్నారని మెచ్చుకుంది. చంటాడు తల్లి ఒళ్ళో పడుకుని ఆమె నోరు కదలడమే చూస్తూ ఉండిపోయాడు. తాత వచ్చి ఎదురుగా నిలబడితే ఒకసారి కళ్ళు తిప్పి, మళ్ళీ తల్లి వైపే తిప్పేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే లాజరు పడవ దగ్గరికెళ్ళి, పైపుకి కట్టిన తువ్వాలు విప్పి, కొత్త పైపు వేశాడు. ఇంటికొచ్చి కుళాయి దగ్గర తొట్టిలో వేణ్ణీళ్ళు పోసి, సోడా వేసి, తువ్వాలు నానబెట్టాడు. జ్ఞానమ్మ వాకిలి ఊడుస్తున్న చీపురు ఆపి చూసింది.

"దాన్ని ఉతుకుతున్నారేంటి? ఆదివారం దాకా ఆగలేకపోయారా? చంటాడు దాని కోసం ఏడుస్తాడేమో."

"ఏడవడు" అన్నాడు.

లోపల పదిహేడో ఎక్కం మొదలైంది. లాజరు లేచి, కిటికీలో ఉన్న దూది ఉండలోంచి రెండు ముక్కలు తుంచి తన చెవుల్లో పెట్టుకున్నాడు. తర్వాత కూర్చుని, ఎర్రగళ్ళు కనపడేదాకా తువ్వాలు ఉతికి, పిండి, దండెం మీద ఆరేశాడు.