ఏ నొప్పితో ఏ పాఠం

తెల్లారేసరికి ఆ ఇంటి గుమ్మం ముందు ముగ్గురో నలుగురో నిలబడి ఉండేవాళ్ళు, ఒకరు నడుం పట్టుకుని, ఒకరు దవడ పట్టుకుని. చిట్టి మొహం తుడుచుకుంటూ బయటికొచ్చి, వాళ్ళు చూపించిన చోట చెయ్యి వేసేది. అంతే, నడుం నొప్పి ఆ మనిషిని వదిలి చిట్టి నడుములోకి వచ్చి కూర్చునేది. "బతికించావు తల్లీ! సాయంత్రం వచ్చి తీసుకుంటాలే" అని ఆ మనిషి చకచకా పనికి పోయేవాడు. ఊరెళ్తూ తాళంచెవి పక్కింట్లో ఇచ్చినంత మామూలు సంగతి అది. ఇక సాయంత్రం ఎవరొచ్చారు గనక! నొప్పి వెనక్కి తీసుకోవడానికి ఎవరికి తొందర? దానంతటది తగ్గేదాకా చిట్టే మోసేది.

చిట్టి మనసులో "ఇక పో" అనుకుంటే చాలు, నొప్పి దాని మనిషి ఎక్కడున్నా వెతుక్కుంటూ పోతుంది. ఆ రెండు మాటలూ అనుకోవడానికే చిట్టికి మనసొప్పదు. పాపం నిద్రపోతుంటారేమో, అన్నం తింటుంటారేమో అని ఆగిపోతుంది. అంత మొహమాటం మనిషికి పనికిరాదు గానీ, పుట్టుకతో వచ్చినదాన్ని ఏం చేస్తాం?

రోగం మాత్రం ఎవరిది వాళ్ళ దగ్గరే ఉండిపోయేది. లెక్కల మాస్టారు పంటి నొప్పి చిట్టికిచ్చి, పుచ్చిన పన్నుతోనే హాయిగా నములుతూ తిరిగారు. దవడ వాచి మొహం గుమ్మడికాయంత అయ్యాక గానీ డాక్టరు దగ్గరికి పోలేదు. "నొప్పి లేదుగా, ఏమీ లేదనుకున్నా" అన్నారు. వీధి వీధంతా నవ్వింది. ఆ నొప్పితో రోజుల తరబడి తిండి మానేసిన చిట్టి కూడా నవ్వింది.

ఇలాంటి పిల్లకి నర్సింగు చదవాలని కోరిక. నర్సులు నొప్పి ఎక్కడుందో అడుగుతారు, రాసుకుంటారు, మందిస్తారు. తీసి తమ ఒంట్లో పెట్టుకోరు. ఆ పద్ధతి చిట్టికి ఎంతగా నచ్చిందో చెప్పలేం. కానీ ప్రవేశ పరీక్ష రెండుసార్లు తప్పింది. ఈసారి కూడా పోతే వయసు దాటిపోతుంది, మళ్ళీ రాయనివ్వరు.

చిట్టి వదిన బస్సు డిపోలో పని చేసేది. ఏ డ్రైవరు ఏ బస్సు ఎప్పుడు ఎక్కాలో డ్యూటీ చార్టు వేసేది ఆవిడే. ఒకరోజు ఆఫీసు నుంచి పెద్ద చార్టు కాగితం తెచ్చి మంచం మీద పరిచింది.

"నొప్పులు ఎలాగూ వద్దనలేవు. ఉన్న బస్సులతోనే సర్వీసు నడపాలి. చెప్పు, ఏ నొప్పితో ఏం చదవగలవు?"

చిట్టి వేళ్ళ మీద లెక్కపెట్టింది. "మోకాలి నొప్పితో జువాలజీ బాగా ఎక్కుతుంది వదినా. లేవబుద్ధి కాదు కాబట్టి కుర్చీలోనే ఉంటాను. కడుపు నొప్పితో ఇంగ్లీషు పరవాలేదు. పంటి నొప్పితో కెమిస్ట్రీ మాత్రం నా వల్ల కాదు."

"తలనొప్పితో?"

"ఏదీ ఎక్కదు."

"మరి తలనొప్పి ఇచ్చేదెవరు?"

చిట్టి వంటింటి వైపు చూసింది. లోపల వాళ్ళమ్మ గిన్నెలు తోముతోంది.

"అత్తయ్యగారా!" వదిన గొంతు తగ్గించింది. "ఆవిడ తలనొప్పికి వారానికో సెలవైనా లేదా?"

ఇద్దరూ నోళ్ళు మూసుకుని నవ్వారు. అప్పటికి నవ్వగలిగారు.

చార్టు గోడకెక్కింది. పొద్దున మోకాళ్ళు, జువాలజీ. మధ్యాహ్నం నడుములు, ఫిజిక్సు. చూడముచ్చటగా ఉంది. వారం తిరగకుండానే దాని పని అయిపోయింది. ఫిజిక్సు వేళకి వడ్రంగి సుత్తితో బొటనవేలు చితక్కొట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. బోటనీ వేళకి పక్కింటి పాపాయికి చెవిపోటు. వదిన చెరిపి రాసేది, రాసి చెరిపేది. చివరికి పెన్సిలు పక్కన పడేసింది.

"బస్సు చెడిపోతే స్పేరు బస్సు పంపిస్తాం. నీకు స్పేరు ఎక్కణ్ణుంచి తేను?" అంది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.  చిట్టి అప్పుడు కూడా ఎవరిదో మెడ నొప్పి మోస్తోంది, తల తిప్పి వదినను సరిగ్గా చూడను కూడా లేకపోయింది.

పరీక్ష రోజు వదిన డ్యూటీ మానేసి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. వచ్చినవాళ్ళని వచ్చినట్టే పంపించింది. "ఇవాళ ఎవరి నొప్పి వాళ్ళే భరించండి బాబూ, చచ్చిపోరు!" అని కసిరింది. పాతవి రాత్రికే తగ్గిపోయాయి, చాలా రోజుల తర్వాత చిట్టి ఒళ్ళు చిట్టిదే అయింది. హాయిగా పెన్నులు సర్దుకుంది.

వంటింట్లోంచి అమ్మ మెల్లగా పిలిచింది.

"బట్టలు పిండి పిండి భుజం పట్టేసిందే. బకెట్టు మేడ మీదికి మోయాలి. నువ్వొచ్చేదాకా ఉంచుకో, చాలు. ఎడం భుజమేగా, రాసేది కుడిచేత్తో కదా?"

పరాయివాళ్ళని వదిన ఆపింది. అమ్మను ఎవరాపుతారు? చిట్టి వెళ్ళి అమ్మ భుజం మీద చెయ్యి వేసింది.

హాల్లో పేపరిచ్చారు. గేటుకి తాళం పడింది. మొదటి పేజీ బాగానే సాగింది. రెండో పేజీలో భుజం నొప్పి కదిలింది. ఎడం చేతి వెంట చిటికెన వేలుదాకా పాకింది, పైకెక్కి దవడ కింద పట్టుకుంది. ఛాతీ మీద ఎవరో రోలు పెట్టి కూర్చున్నట్టయింది. ఒళ్ళంతా చెమట.

చిట్టి ఎన్ని భుజాలు మోయలేదు! బట్టలు పిండిన నొప్పి పెట్టిన చోటే ఉంటుంది, ఇలా ఊరేగదు. గుండె పాఠం ఎన్నిసార్లు చదివిందో. పై ప్రాణాలు పైనే పోయాయి. అక్కడ ఇంట్లో అమ్మ ఏ బాధా తెలియకుండా, నిండు బకెట్టుతో మెట్లెక్కుతూ ఉంటుంది.

"మేడం, ఇంటికి ఒక్క ఫోను చేయాలి. మా అమ్మకి గుండె నొప్పి."

"నీకెలా తెలుసు?" అంది ఇన్విజిలేటరు.

"నా దగ్గరే ఉంది మేడం."

ఆవిడ మంచిది. "అయ్యయ్యో" అంటూ పై అధికారి గదికి పరుగెత్తింది. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం నడిచి వచ్చింది. "నొప్పి నీ ఒంట్లో ఉంది కాబట్టి నిన్నే ప్రథమ చికిత్స గదిలో చూస్తారట తల్లీ. ఇంట్లోవాళ్ళ సంగతి రూల్సులో లేదట. ఆఖరి బెల్లు కొట్టేదాకా గేటు తియ్యరు, ఫోను ఇవ్వరు. నా చేతుల్లో ఏమీ లేదు."

 చిట్టికి ఒక్కటే దారి కనిపించింది. వెనక్కిచ్చేస్తే అమ్మ కేక పెడుతుంది, వదినకు వినిపిస్తుంది. కానీ ఇంత నొప్పి ఒక్కసారిగా మీద పడితే ఆ ముసలి గుండె తట్టుకుంటుందా? చంపేది తనే అవుతుందా? అడగడానికి ఎవరూ లేరు. పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ చెప్పకుండా నొప్పి తిప్పి పంపింది లేదు, అలాంటిది కన్నతల్లికి!

"అమ్మా, నన్ను తిట్టుకోకు" అనుకుంది. "ఇక పో" అనుకుంది.

నొప్పి పోయింది. ఒళ్ళు దూదిపింజలా తేలికైంది. ఆ తేలికనే చిట్టి భరించలేకపోయింది. బల్ల మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. గేటు తియ్యరు, ఫోను లేదు, ఏమైందో తెలిసే దారి లేదు. చేసేదేమీ లేక కన్నీళ్ళు తుడుచుకుని పేపరు రాసింది.

గేటు తీశాక ఫోను చేతికి రావడమే తరువాయి, వదిన గొంతు.

"ఆస్పత్రిలో ఉన్నాం. మెట్ల మీద బకెట్టు వదిలేసి అత్తయ్యగారు పెట్టిన కేకకి వీధి వీధంతా వచ్చేసింది. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదన్నారు డాక్టరు. నువ్వు రా."

అమ్మ మంచం మీద ఇంత అయిపోయి ఉంది. చిట్టిని చూడగానే మొహం పక్కకి తిప్పుకుంది.

"ఒక్క మాటైనా చెప్పకుండా విసిరేశావేమే?"

"చెప్పే వీలు లేదమ్మా."

అమ్మ ఇంకేదో అనబోయి ఆగింది. పెదవి బిగించింది. నొప్పి మళ్ళీ వచ్చినట్టుంది, చెయ్యి దానంతటదే చిట్టి వైపు సాగింది. అంతలో నర్సు వచ్చి మంచం పక్కన వంగింది.

"ఎక్కడ నొప్పిగా ఉందమ్మా? ఎలా ఉంది?"

"దాన్నడుగు" అంది అమ్మ. "దానికే తెలుసు."

చిట్టికి తెలుసు, అంగుళం అంగుళం తెలుసు. చెయ్యి వేస్తే అమ్మ హాయిగా నిద్రపోతుంది. నర్సుకి మాత్రం ఏమీ తెలియకుండా పోతుంది. చిట్టి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది.

"నువ్వే చెప్పాలమ్మా" అంది చిట్టి.

అమ్మ చాచిన చెయ్యి కాసేపు అలాగే ఉంది. ఎవరూ అందుకోలేదు. ఆవిడ చిన్నపిల్లలా ఏడుస్తూ ఆ చెయ్యి వెనక్కి తీసుకుని, ఛాతీ మీద తడుముకుంటూ వెతుక్కుంది.

"ఇక్కడనుకుంటా" అంది.