చెక్కల మీద మైనం

మా వీధిలో నా కూతుర్ని చక్రాల పిల్ల అంటారు. అది ఆడేది మంచు మీద పరుగెత్తే ఆట. మా ఊళ్ళో మంచు ఫ్రిజ్ పై అరలో తప్ప ఎక్కడా లేదు. అందుకని కాళ్ళకి చక్రాల పట్టీలు కట్టుకుని, చేతికొక కర్ర పట్టుకుని, పొద్దున్నే తారు రోడ్డు మీద పోతుంది. కుక్కలు వెంటపడతాయి. కుక్కలే నయం.

"బావా, ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట," అనేవాడు పక్క కొట్టు టైలరు. "ముందు మంచు తెప్పించు. తర్వాత దానిమీద జారచ్చు."

"నువ్వు ముందు ఆ చొక్కా చేతులు రెండూ ఒక పొడుగున కుట్టు," అనేవాణ్ణి.

ఈ పిచ్చి అంటించింది వాళ్ళమ్మ. టీవీలో మంచు ఆటలు చూసి, మన పిల్ల మాత్రం ఎందుకు చెయ్యలేదు అంది. చక్రాలు తెప్పించింది. పిల్లని రోడ్డెక్కించింది. ఆ తర్వాత తను హాయిగా కన్నుమూసింది. పోయినవాళ్ళని తిట్టకూడదంటారు. ఉన్నవాళ్ళకి ఆ సుఖమైనా లేకపోతే ఎలా?

నాది ఇస్త్రీ కొట్టు. ఒక బల్ల, దానిమీద నాలుగు మడతల దుప్పటి, దానిమీద మాడిన మచ్చల పాత పంచె. గోడకి మేకులు, మేకులకి హ్యాంగర్లు. పిల్ల ఒకసారి మంచు దేశంలో శిక్షణకి వెళ్ళినప్పుడు అక్కడివాళ్ళు వాడేసిన స్కీల జత ఒకటి ఇచ్చారు. సన్నగా, పొడుగ్గా, ముందు వైపు పైకి వంగి ఉంటాయి. చెక్క కాదని చెబుతుంది గాని, నాకు అవి చెక్కలే. వాటి అడుగున మైనం కరిగించి పట్టించాలట. దేంతో అంటే ఇస్త్రీ పెట్టెతో.

"మన పనే నాన్నా!" అని అది నవ్విన నవ్వు చాలాకాలం తర్వాత ఆ కొట్టులో విన్న నవ్వు.

ఫోనులో ఒక వీడియో చూపించింది. అందులోవాడు మైనం కరిగించి, పెట్టె పాముతూ పోయి, చెక్కని సంచిలో పెట్టి జిప్పు లాగాడు. అంతే వీడియో. నేనూ అంతే చేశాను. పట్టుచీరకి ఎంత వేడి ఉండాలో అంత వేడి. మైనం నున్నగా, అద్దంలా గట్టిపడింది. దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. మా పనిలో మొదటి పాఠం అది. ఇస్త్రీ అయిన బట్ట మీద మళ్ళీ చెయ్యి వెయ్యకూడదు. వేస్తే ముడత.

ఆ చలికాలానికి మంచు దేశంలో ఆఖరి పోటీ వచ్చింది. రెండు రోజులు, రెండు పరుగులు. రెండింటి సమయమూ కలుపుతారు. గెలిచినవాళ్ళకి మరీ వెనకబడకుండా, పోటీ పెట్టినవాళ్ళు గీసిన సమయం గీత లోపల ఉంటే ప్రపంచ పోటీలకి అర్హత. లేకపోతే ఇంటికి. మా దేశం నుంచి ఆ ఆటలో ఉన్నది నా కూతురు ఒక్కతే. మా మంచు ఆటల సంఘం కార్యదర్శికి బావమరిది ఉన్నాడు కాబట్టి కోచ్ కూడా ఉన్నాడు. ఒకప్పుడు వాలీబాల్ ఆడేవాడు.

"ఇస్త్రీ చేసేవాడెందుకండీ అక్కడికి? చలికి చొక్కాలు ముడతలు పడతాయా?" అన్నాడు బావమరిది, కార్యదర్శి గదిలో, నా ఎదురుగానే.

"మైనం పట్టించేది మా నాన్నే సార్," అంది పిల్ల. "ఆయన రాకపోతే నేనూ రాను. మీరే పరిగెత్తండి."

బావమరిది తన పొట్ట వైపు చూసుకున్నాడు. నాకు టిక్కెట్టు వచ్చింది.

ఆ చలి గురించి ఏం చెప్పను. ముక్కులో వెంట్రుకలు గడ్డకడతాయి. మైనం పని చేసుకోడానికి వరసగా రేకుల గదులిచ్చారు. మా గదిలో సగం మాది, సగం మాలాగే మంచెరగని ఇంకో దేశానిది. వాళ్ళ మైనం మనిషి ఒక పొట్టాయన. తన పని ముగించుకుని ముందే వెళ్ళిపోయాడు. ఇంటినుంచి తెచ్చుకున్న పెట్టె తగిలించి నేను పని మొదలుపెట్టాను. ఎప్పుడూ లేనంత దళసరిగా, నున్నగా పట్టించాను. ఇన్నాళ్ళకి నిజం మంచు కదా అని.

మర్నాడు పరుగు మొదలైంది. మిగతావాళ్ళు ఒక్క తోపుకి జారుకుంటూ పోతున్నారు. నా కూతురు తోస్తోంది, ఆగుతోంది, మళ్ళీ తోస్తోంది. తడి ఇసుకలో సైకిలు తొక్కుతున్నట్టుంది. దిగుడులో కూడా కర్రలు పొడుస్తూనే ఉంది. దిగుడులో ఎవరన్నా తోసుకుంటారా? అందరూ వచ్చేశాక, జెండాలు పీకేవాడు చేతులు కట్టుకుని చూస్తుండగా, వచ్చింది. వచ్చి మంచులో కూలబడింది.

"దమ్ము చాల్లేదు," అన్నాడు బావమరిది.

"దమ్ము కాదు సార్. జారట్లేదు."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది."

అది కాళ్ళనుంచి చెక్కలు విప్పింది. చెక్కలు తీసుకుని గదికి నడిచాను.

పొట్టాయన అక్కడే ఉన్నాడు. నా చేతిలో చెక్క చూసి, తిరగేసి, అడుగున గోరుతో గీరాడు. తెల్లటి మైనం చుట్టలు చుట్టుకుని లేచింది. పకపకా నవ్వాడు. వెనకే వచ్చిన పిల్ల మొహం చూసి నవ్వు ఆపేశాడు. మెల్లగా ఏదో చెప్పాడు.

"ఏమంటాడు?"

"చెక్కలకి స్వెటర్లు తొడిగి పంపారేంటి అంటున్నాడు నాన్నా." చెక్క అడుగున తనూ గోరుతో గీరి చూసింది. "మైనం లోపలికి ఇంకాలట. పైన మిగిలిందంతా గీకి పారెయ్యాలట, ఏమీ లేదనిపించేదాకా. అప్పుడే జారుతుందట. మనం చూసిన వీడియో ఎండాకాలం దాచిపెట్టుకోడానికట. దాచేటప్పుడే గీకకుండా వదిలేస్తారట."

మా ఊళ్ళో ఎప్పుడూ ఎండాకాలమే. దాచడం తప్ప మాకు ఇంకేం తెలుసు? శిక్షణలో పిల్లకి చెక్కలు తయారుచేసి చేతికిచ్చేవారు. గీకడం అది చూడలేదు, నేను వినలేదు. కోచ్‌గా వచ్చినవాడు అడిగి తెలుసుకోవాలి. వాడు పోటీకి ముందురోజంతా మంచు మీద నిలబడి ఫొటోలు దిగాడు. వాణ్ణి నేను క్షమించలేదు. మెరుపు చూసి మురిసిపోయింది నేనే, నన్నూ క్షమించలేదు.

బావమరిది గుమ్మంలోకి వచ్చాడు. "రేపు ఆయన చెయ్యి పడ్డానికి వీల్లేదు. ఆ పొట్టాయన్నే బతిమాలుకుందాం."

పిల్ల చెక్కలు రెండూ బల్లమీద పెట్టింది. పొట్టాయన దగ్గర గీకే ప్లాస్టిక్ పలక అడిగి తీసుకుంది. నా చేతిలో పెట్టింది.

"కానియ్ నాన్నా," అంది.

గీకాను. మొదటిసారి గీకడానికి చెయ్యి రాలేదు. చేసిన ఇస్త్రీని చేతులారా చెరుపుకోవడం అది. పొట్టాయన పక్కన నిలబడి, ఇంకా, ఇంకా అని వేళ్ళతో చెబుతున్నాడు. నేల తెల్లబడింది. చివరికి బ్రష్షుతో రుద్దాను. అడుగు నల్లగా, బోడిగా మిగిలింది. నా కంటికి అది ఇంకా పనే మొదలెట్టని చెక్కలా ఉంది.

రెండో రోజు నా కూతురు జారింది. అంతకన్న చెప్పడం నాకు రాదు. దిగుడులో కర్రలు చంకలో ఇరికించుకుని, ఒంగి, గాలిలా వచ్చేసింది. ఇద్దరిని దాటింది. పొట్టాయన వాళ్ళ దేశపు పిల్లని కూడా దాటింది. అయినా ఆయన చప్పట్లు కొట్టాడు. అలాంటివాళ్ళు కూడా ఉంటారు.

బోర్డు మీద అంకెలు పడ్డాయి. ఆ రోజు పరుగు ఒక్కటే లెక్కైతే అది గీతలోపలే ఉంది. కానీ రెండూ కలపాలి. బావమరిది ఫోనులో కలిపి, మళ్ళీ కలిపి, తల అడ్డంగా ఊపాడు.

పిల్ల ఏడవలేదు. పరుగు ముగిసే గీత దగ్గరే నిలబడి చాలాసేపు ఆ కొండ వైపు చూసింది. నేను తిట్టించుకోడానికి వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"దిగుడులో భయమేసింది నాన్నా," అంది. "అంత జారుతుందని నాకు తెలీదు."

తిరిగొచ్చిన రోజే టైలరు కొట్లోంచి మెడ చాచాడు. "ఏం బావా, స్వర్గం ఎలా ఉంది?"

"చూస్తుండగానే పక్కనుంచి దాటిపోయింది," అన్నాను. వాడు చేతిలోని చొక్కా మీదికి వంగాడు.

వారం దాకా చక్రాలు మూలనే ఉన్నాయి. పిల్ల రోడ్డెక్కలేదు. కుక్కలు వచ్చి చూసి పోయాయి. చెక్కల సంచి అటక మీద పడేద్దామా, ఎవరికైనా ఇచ్చేద్దామా అని అడగాలనుకుంటూనే, బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ కూచున్నాను. ఒక సాయంత్రం పిల్లే ఆ సంచి తెచ్చింది. చెక్కల్ని బల్లమీద బోర్లించింది. జేబులోంచి మైనం ముద్ద తీసింది.

"పెట్టె వేడిగా ఉందా?"

ఉంది. పట్టుచీర వేడికి తగ్గించాను. మైనం కరిగి బొట్లు బొట్లుగా పడింది. పాముకుంటూ పోయాను. దళసరిగా, నున్నగా, అద్దంలా గట్టిపడింది. ఈసారి మరిచిపోకుండా గీకే పలక కోసం చెయ్యి చాచాను. ఆ పలక పొట్టాయన ఇచ్చేసిందే.

పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

"గీకద్దు నాన్నా. ఇప్పుడు ఎండాకాలం."

సంచిలో పెట్టి జిప్పు లాగింది. మర్నాడు పొద్దున్నే వీధిలో కుక్కలు మొరిగాయి.