ఎలుగు వదిలిన పిల్ల

పుస్తకాల కట్టకు వేసిన తాడు మళ్ళీ వదులైంది. సామ్యూల్ దాన్ని పూర్తిగా విప్పేసి, పుస్తకాలను మోపెడ్ వెనక సీటు మీద నిలువుగా పేర్చి, మోకాలితో అదిమిపట్టి ముడి వెయ్యసాగాడు. ఎముకలు తేలిన పొడుగాటి చేతులు ఆయనవి. కుడి బొటనవేలి గోరు ఎప్పుడో ప్రెస్సులో కాగితాల కటింగ్ మిషన్ కింద నలిగి, అప్పటినుంచీ నల్లగానే పెరుగుతోంది. ముడి వేసి ఒక అడుగు వెనక్కి వేశాడు. మళ్ళీ ముందుకొచ్చి దాన్ని లాగి చూశాడు. అది గట్టిగానే ఉంది. అయినా విప్పాడు.

"ఏందన్నా, వారం సంది చూస్తున్న, పరేషాన్‌గ ఉన్నవ్," అన్నాడు వెంకటేశ్వర్లు షాపు మెట్టు మీదినుంచి. రాంగోపాల్‌పేట్‌లో మిగిలిన ఒకే ఒక అద్దె పుస్తకాల షాపు అతనిది. షాపుకు వచ్చేవాళ్ళు తగ్గిపోయాక, మెట్లు దిగలేని ముసలివాళ్ళకు ఇళ్ళకే పుస్తకాలు పంపడం మొదలుపెట్టాడు. ఆ పని సామ్యూల్‌ది.

ఈ నెల దానికి ఇంకో పని కూడా చేరింది. షాపు వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి ఒకే నవల మీద పాఠకులందరి అభిప్రాయాలూ వాళ్ళ గొంతులోనే కావాలన్నాడు వెంకటేశ్వర్లు. నవల పేరు 'ఏటి అవతల'. అడవి జంతువుల కథ. ఒకప్పుడు ప్రతి ఇంట్లోనూ ఉండేదట. షాపులో ఉన్న ప్రతులన్నీ ఇళ్ళ మధ్య తిరుగుతున్నాయి. సామ్యూల్ ఫోను పట్టుకుని ఎదురుగా కూర్చోవాలి. వాళ్ళు మాట్లాడాలి. అంతే.

మామూలుగా ఆయన పుస్తకాలు చదవడు. వారం కిందట జోరువాన పట్టుకుంటే బస్టాపులో నిలబడి, తడవకుండా చొక్కాలో దాచిన ఆ నవలనే ఊరికే తెరిచాడు. వాన వెలిసింది. జనం వెళ్ళిపోయారు. ఆయన మాత్రం అక్కడే నిలబడి చదివాడు. ఆ రోజునుంచీ ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాడు. అన్నం ముందు కూర్చుంటే లేవబుద్ధి, లేస్తే ఎందుకు లేచాడో తెలియదు.

మొదటి ఇల్లు రామభద్రరావుగారిది, పక్క వీధిలోనే. రైల్వేలో లెక్కల విభాగంలో చేసి రిటైరైన మనిషి. ఫోను చూడగానే గొంతు సవరించుకుని, ఈ రచయిత జన్మలో ఎలుగుబంటిని చూసి ఉండడని మొదలుపెట్టాడు. ఎలుగు తన పిల్లలను వీపు మీద మోస్తుందనీ, ఒకటి కాదు, రెండింటినీ మోస్తుందనీ, తాను జంతువుల గురించి ఇంగ్లీషులో చదివాననీ చెప్పాడు. అడవి తగలబడి, పై కొండల్లో వాన పడి ఏరు పొంగిన రోజున ఆ ఎలుగు ఒక పిల్లను ఒడ్డున వదిలి, రెండోదానితో ఏరు దాటడం కేవలం పాఠకుడిని ఏడిపించడానికి చేసిన పని అన్నాడు.

దాని వీపు కాలింది కదండీ, రెండింటి బరువు మోయలేదు కదా అని సామ్యూల్ అనబోయాడు. నోటిదాకా వచ్చింది. ఫోనులో తన గొంతు పడుతుందని ఊరుకున్నాడు.

"నా దృష్టిలో ఆ తల్లిని క్షమించడం కుదరదు," అని ముగించాడు రామభద్రరావు. తన మాటలు ఫోనులో మళ్ళీ వినిపించుకుని తృప్తిగా తలూపాడు.

మధ్యాహ్నం బన్సీలాల్‌పేట్‌లోని తన ఇంటికి వచ్చేసరికి సామ్యూల్ చొక్కా వీపుకు అంటుకుపోయింది. మెట్లబావి చూడ్డానికి వచ్చినవాళ్ళ బండ్లు గల్లీ మొదట్లో అడ్డంగా ఉంటే, మోపెడ్‌ను చేత్తో తోసుకుంటూ లోపలికి వచ్చాడు. పై అంతస్తులో రెండు గదులు. కిటికీ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో తల్లి ప్రిసిల్లా కూర్చుని ఉంది. ఎనభై దాటిన మనిషి. మోకాళ్ళు పోయాయి కానీ చేతులు ఇంకా పని వెతుక్కుంటూనే ఉంటాయి. ఒక కంటికి శుక్లం తీయించారు. దేన్నైనా చూడాలంటే ఆ కన్ను దానివైపు వచ్చేలా మెడ తిప్పుతుంది.

భర్త పోయేనాటికి ఆమె ఒంగోలు దగ్గర పల్లెలో ఉండేది. సికింద్రాబాదులో ఒక బడిలో ఆయా ఉద్యోగం వచ్చింది. గది ఇస్తారు, ఒక బిడ్డను మాత్రం దగ్గర పెట్టుకోవచ్చు అన్నారు. చంటిదైన కూతురు మేబెల్‌ను తీసుకుని, ఏడేళ్ళ సామ్యూల్‌ను మిషన్ హాస్టల్లో చేర్పించి వచ్చింది. మూతి మీద నూగు మొలిచాక అతన్ని పిలిపించుకుంది. అప్పటికి అతను ఏమీ అడగని పిల్లవాడైపోయాడు. తర్వాత కూడా అంతే. తను పనిచేసే ప్రెస్సు మూతపడినప్పుడు ఎందుకని అడగలేదు. పెళ్ళి మాటలు వచ్చి వెనక్కి పోయినప్పుడూ అడగలేదు. మేబెల్ చదువుకుని టీచరై కాకినాడలో స్థిరపడింది. చర్చిలో అందరూ సామ్యూల్‌ను నెమ్మదస్తుడంటారు. తల్లి కాళ్ళకు నూనె రాసేది ఆయనే, ఆమె దుప్పట్లు ఉతికేది ఆయనే. హాస్టల్ సంగతి మాత్రం వాళ్ళిద్దరి మధ్య ఎన్నడూ రాలేదు.

ఆ మధ్యాహ్నం అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, ఆయన తల్లికి కథ చెప్పడం మొదలుపెట్టాడు. ఎందుకు మొదలుపెట్టాడో ఆయనకే తెలియదు. మంటలూ పొగా, దుప్పులు మందలుగా పరిగెత్తడం, ఏటి ఒడ్డున వీపు కాలిన ఎలుగు, రెండు పిల్లలు. చివరికి ఆ ఎలుగు రోజూ సాయంత్రం అవతలి ఒడ్డున వచ్చి నిలబడడం. పిల్ల బతికిందో లేదో రచయిత రాయలేదు. ఆమె మెడ పక్కకు తిప్పి వింటోంది. ఆయన పళ్ళెంలో చారు చల్లారిపోయింది.

"అందర్నీ అడుగుతున్నాం," అన్నాడు చివర్లో. "ఆ ఎలుగు చేసింది తప్పా ఒప్పా అని."

ఫోను జేబులోనే ఉంది. తీయలేదు.

"వదిలిన పిల్ల ఏం చేసింది?" అని అడిగింది ఆమె.

"ఏం చెయ్యలేదు. మద్దిచెట్టు మొదట్లో కూర్చుంది."

"రెండోది?"

"అరుస్తా ఉంది. తల్లి బొచ్చు పట్టుకుని వదల్లేదు."

ప్రిసిల్లా కాసేపు కిటికీలోంచి గల్లీలోకి చూసింది. కింద ఎవరో నీళ్ళ మోటారు వేశారు.

"ఏది బతుకుద్దని చూసుకోలేదురా అది," అంది. "ఏది ఏడవకుండా ఉంటదో చూసుకుని, దాన్ని వదిలింది. ఏడ్చేదాన్ని వదిలితే కాళ్ళు కదలవు."

సామ్యూల్ పళ్ళెం తీసుకుని లేచాడు. గిన్నెలు కడిగాడు. కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగాడు. వస్తానని చెప్పాడో లేదో గుర్తులేకుండానే మెట్లు దిగాడు.

అల్వాల్ వెళ్ళే దారంతా ఎండ. కార్ఖానా దగ్గర సిగ్నల్ పడితే, పచ్చ వెలిగిన తర్వాత కూడా కదలక వెనకవాళ్ళ చేత హారన్లు కొట్టించుకున్నాడు. తిరుమలగిరి దాటాక ఇవ్వాల్సిన ఒక ఇంటి మలుపు వదిలేసి ముందుకు పోయాడు. వెనక్కి తిరగాలనుకున్నాడు, తిరగలేదు. ఏడవకుండా ఉంటదో. ఆ మాట హెల్మెట్ లోపల తిరుగుతోంది. ఆయనకు కనిపిస్తున్నది ఏరు కాదు. ఎర్రమట్టి రోడ్డు, నీలం పెట్టె, అమ్మ చంకలో గుక్కపట్టిన చెల్లెలు. తను చెయ్యి కూడా ఊపలేదు. వార్డెన్ భుజం తట్టి మంచి పిల్లవాడన్నాడు.

అల్వాల్‌లో కామాక్షిగారిల్లు. ఆమె, భర్త తాతారావు కలిసి రాజమండ్రి నుంచి వచ్చి బట్టల దుకాణం పెట్టి, కొడుకును నిలబెట్టినవాళ్ళు. తాతారావు పోయాక ఆమె పుస్తకాల్లో పడింది. వాకర్ పట్టుకుని హాల్లోకి వచ్చి, పమిట సర్దుకుని, ఫోను ఇంకా దగ్గరగా పెట్టమంది. కోడలు శ్రీలేఖ లాప్‌టాప్ ముందునుంచే, ముగింపు చెప్పకుండా వదిలేశారు కాబట్టి మూడు స్టార్లే ఇస్తానని చెప్పి మళ్ళీ తన మీటింగులో మునిగిపోయింది.

కామాక్షి మాత్రం చాలాసేపు మాట్లాడింది. జనం ఆ ఎలుగును తిడతారని తనకు తెలుసనీ, వాళ్ళెవరూ పొంగిన ఏటి ముందు నిలబడినవాళ్ళు కారనీ అంది. రెండూ మునిగేకన్నా ఒకటి ఒడ్డు చేరడం నయం కాదా అంది. గోదావరి వరదల్లో తన పెద్దమ్మ ఏం చేసిందో చెప్పింది. సామ్యూల్ ఫోను పట్టుకుని కుర్చీ అంచున కూర్చుని, ఒక మడమను నేలకు కొట్టుకుంటున్నాడు.

"అసలు ఆ వదిలిన పిల్లకి అంత బాధ ఉన్నట్టు రచయిత కూడా రాయలేదండీ," అంది కామాక్షి ఫోనుతోనే. "అది ఏడవను కూడా లేదు. దాని మానాన అది కూర్చుంది."

"ఏడ్చిందండి," అన్నాడు సామ్యూల్.

కామాక్షి ఆగింది. ఇన్నేళ్ళలో ఆయన ఆ ఇంట్లో పుస్తకం పేరు, తేదీ తప్ప వేరే మాట చెప్పి ఎరగడు.

"ఎక్కడ? నేను చివరిదాకా చదివానే. ఏ పేజీలో ఉంది?"

"పేజీలో లేదండి. మలుపు తిరిగాక ఏడ్చింది."

"ఏటి దగ్గర మలుపేమిటి సామ్యూల్ గారూ?"

ఆయన ఫోను వైపు చూసుకున్నాడు. అది ఇంకా రికార్డు చేస్తూనే ఉంది. ఆపాడు. లేచి నిలబడ్డాడు. మంచినీళ్ళు తాగి వెళ్ళమని ఆమె అంటుండగానే నమస్కారం పెట్టి, ఆమె కోసం తెచ్చిన కొత్త పుస్తకం ఇవ్వకుండానే బయటికి వచ్చేశాడు.

ఇంకా వెళ్ళాల్సిన ఇళ్ళున్నాయి. కట్టలో పుస్తకాలున్నాయి. ఆయన మోపెడ్‌ను ఇంటివైపు తిప్పాడు.

వెళ్ళేసరికి కిటికీలో ఎండ పసుపురంగుకు తిరిగింది. ప్రిసిల్లా ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. అంత పెందలాడే వచ్చావేమని అడిగింది. ఆయన హెల్మెట్ తీయలేదు. గుమ్మం లోపల నిలబడి, గది మధ్యకు వచ్చి, మళ్ళీ గుమ్మం దగ్గరికి వెళ్ళాడు.

"ఏడ్చానమ్మా," అన్నాడు. "బస్సు మలుపు తిరిగాక."

ఆమె వేళ్ళు ఆగాయి.

"తెలుసు," అంది.

"ఎట్టా తెలుసు?"

"మలుపు తిరిగాక ఆ రోడ్డు హాస్టలు ఎనకనించే పోద్ది. నీకప్పుడు తెలీదు. బస్సులోంచి చూశా. గోడ కాడ కూలబడి మోకాళ్ళల్లో తల పెట్టుకున్నావు." ఆమె మంచి కన్ను ఆయన వైపు తిప్పింది. "ఆపమంటే ఆపేవాడే డ్రైవరు. ఆపితే దిగేదాన్ని. దిగితే ముగ్గురికీ తిండి లేదు."

సామ్యూల్ హెల్మెట్ తీశాడు. నుదుటి మీద దాని గుర్తు ఎర్రగా పడి ఉంది. ఏం చెయ్యాలో తోచక తల్లి కుర్చీ పక్కన నేలమీద కూర్చున్నాడు.

"మరి ఏడవనిదాన్నే వదిలిందని కదా అన్నావు మధ్యాహ్నం."

"ఆ ఎలుగు అట్టా అనుకుని ఉంటదని అన్నా. అనుకోకపోతే ఏరు దాటలేదు." చేతిలోని కాయ ఈనె కొంచెం లాగి, మళ్ళీ అంది. "నువ్వు అడుగుతావని చూశా. పెద్దోడివయ్యాక ఎప్పుడో ఒకప్పుడు అడుగుతావని. అడిగితే చెబుదామనుకున్నా. నువ్వేమో కాళ్ళకి నూనె రాస్తావు, పోతావు."

ఆయన తల కుర్చీ చేతికి ఆనించాడు. ఆమె చేతికి చిక్కుడు పసరు వాసన వస్తోంది. ఆ చెయ్యి ఆయన తలమీదికి వచ్చింది. హెల్మెట్ కింద చెమటకు అణిగిపోయిన జుట్టును వేళ్ళతో లేపింది. ఆ ఇంట్లో అది మామూలుగా జరిగే పని కాదు. ఆయన కదలలేదు. ఈ వారంలో మొదటిసారి కాళ్ళు ఊరుకున్నాయి.

"టీ పెట్టరా," అంది ఆమె. "గొంతు ఎండిపోయింది."

పాలు విరిగిపోయి ఉన్నాయి. సామ్యూల్ కిందికి దిగి, గల్లీ చివరి కొట్లో ప్యాకెట్ తీసుకున్నాడు. తిరిగి వస్తుంటే కింది వాటాలో ఉండే రాధిక పలకరించి, మీ అమ్మ పొద్దున నాచేత చిక్కుడుకాయలు తెప్పించుకుంది, మీకిష్టమంట కదా అంది. ఆయన నవ్వాడు. మెట్లు ఎక్కుతూ, రాత్రికి మేబెల్‌కు ఫోను చెయ్యాలనుకున్నాడు. ఏం చెప్పాలో తెలియదు, ఊరికే చెయ్యాలనిపించింది.

టీ మరిగాక ముందు ఆమెది పోసి, చల్లారాలని ఆ గ్లాసునుంచి ఖాళీ గ్లాసులోకి తిరగపోస్తూ వచ్చాడు. తల్లి తల కిటికీ వైపు ఒరిగి ఉంది. అమ్మా అన్నాడు. గ్లాసు కిటికీ దిమ్మ మీద పెట్టి, ఆమె భుజం ముట్టుకున్నాడు. తర్వాత ముక్కు దగ్గర వేలు పెట్టాడు. వేలు చాలాసేపు అక్కడే ఉంచాడు.

రాధికను పిలవాలి. చర్చికి చెప్పాలి. మేబెల్‌కు చెప్పాలి. అవన్నీ ఆయనకు తెలుసు. ముందు మాత్రం నేలమీద, తను ఇందాక కూర్చున్న చోటే కూర్చుని, మోకాళ్ళల్లో తల పెట్టుకుని బిగ్గరగా ఏడ్చాడు. ఆ గొంతు విని కింది వాటాలో తలుపు తెరుచుకుంది, మెట్ల మీద అడుగుల చప్పుడైంది.

ఆమె ఒళ్ళో పళ్ళెం ఒరగకుండా అలాగే ఉంది. ఒకవైపు ఒలిచిన కాయలు, ఒకవైపు ఈనెల పోగు, మధ్యలో ఒక చిక్కుడుకాయ, సగందాకా తీసిన ఈనె ఇంకా దానికే వేలాడుతూ.