చొప్ప ఎవరికి?

చేలోకి దిగీదిగగానే వ్యవసాయ ఆఫీసరు మా మీద విరుచుకుపడ్డాడు.

"దున్నొద్దని చెప్పానా? చొప్ప తీయొద్దని చెప్పానా? మూడేళ్ల కష్టం నీళ్లపాలు చేశారు కదమ్మా!"

ఎవరి కష్టం? నాకు ఒళ్లు మండిపోయింది. మా ఆయన మాత్రం నాగలి కర్రుకు పట్టిన మట్టి గీకుతూ ఉండిపోయాడు.

దున్నకుండా విత్తితే నేల బాగుపడుతుందన్న మాట అబద్ధమేమీ కాదు. కోత అయ్యాక జొన్నచొప్పను చేలోనే పరిస్తే కింద తడి నిలిచింది, మట్టి గుల్లబారింది. ఊళ్లో పదిమందికీ ఆ మాట నేనే చెప్పాను. దున్నని నేలలో ఏపుగా లేచిన కలుపంతా కూడా నేనే పీకాను. నడుము విరిగినా ఓర్చుకున్నాను.

ఆవు దగ్గరే వచ్చింది చిక్కు. మా ఊళ్లో కోతలయ్యాక చేలన్నీ అందరివీ. ఎవరి పశువులైనా ఎక్కడైనా మేస్తాయి. మా చొప్ప దక్కాలని నేను చేను చుట్టూ ముళ్లకంప వేశాను. ఆవును మాత్రం అలవాటుగా పక్కనే ఉన్న బావగారి చేలోకి తోలాను. అందులో తప్పుందని నాకు తట్టనే లేదు.

మూడో ఏడు మా తోడికోడలు ఆవును గట్టు దాటించి పలుపుతాడు నా చేతిలో పెట్టింది.

"నీ చేనుకేమో కంప, మా చేలోకేమో నీ ఆవా? బాగానే ఉందే నీ న్యాయం!"

ఊరంతా అదే మాట అంది, ఎవరూ ఆవును తమ చేలో మేయనివ్వలేదు. కొట్టంలో ఆవు డొక్కలు ఎండాయి, పాలు ఇంకిపోయాయి. దూడ అరుపులు వినలేక కంప నేనే లాగేశాను. ఊరి పశువులన్నీ వచ్చి చొప్పంతా ఊడ్చేశాయి. కప్పు లేని నేల ఎండకు బండబారింది. ఇక దున్నక ఏం చేస్తాం?

ఇదంతా చెబితే ఆఫీసరు పెదవి విరిచాడు. "మీకు అవగాహన లేదమ్మా."

"ఊరందరినీ ఒక్కసారైనా కూర్చోబెట్టి మాట్లాడారా సార్? మా చేలో ఫొటోలు దిగి వెళ్లారు. ఊరితో తగువు మాకు అంటగట్టారు."

"ఊరి తగువులు మా పని కాదు" అంటూ ఆయన గట్టు దాటి బావగారి చేలోకి నడిచాడు. అక్కడ మా తోడికోడలితో నవ్వుతూ మొదలుపెట్టాడు. "మీ చేను చాలా అనువైందమ్మా. కోత అయ్యాక చొప్ప తీయకండి..."

ఆమె తలూపుతోంది. నేను ఆగలేకపోయాను. గట్టు మీదికెక్కి గొంతు చించుకుని అరిచాను.

"అక్కా! నీ ఆవు ఎక్కడ మేయాలో ముందు ఆయన్నే అడుగు!"